రీసెర్చ్, జర్మన్, ఇంగ్లీష్, జిమ్... అన్నీ ఒకేసారి ఎలా లాగుతున్నారండీ?

ఉప్పుగాలి:

నమస్తే అండి అందరికీ. వైజాగ్‌లోనే మెరైన్ బయాలజీలో జేఆర్ఎఫ్‌గా (ఫెలోషిప్ మీద పీహెచ్‌డీ) చేరాను, ఇంకా ఫస్టియరే. ప్లాంక్టన్, అంటే నీళ్ళతో పాటు కొట్టుకుపోయే చిన్న చిన్న జీవుల మీద పని. శాంప్లింగ్ ఉన్న రోజు తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి పోయి బోటెక్కాలి, ఒడ్డుకి రాగానే ల్యాబ్‌కి పరుగు, నీళ్ళు ఫిల్టర్ చెయ్యాలి, నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో చూసే టైట్రేషన్లు ఆ రోజే తేల్చెయ్యాలి, మొత్తం అయ్యేసరికి రాత్రి తొమ్మిది అవుద్ది, మెస్‌లో చల్లారిపోయిన చారు మిగిలుంటే అదృష్టం. మిగతా రోజులు మైక్రోస్కోప్ ముందు కూర్చుని కౌంటింగ్, అది మాత్రం ఆఫీసు టైమింగ్స్‌లాగే నడుస్తుంది.

పీహెచ్‌డీ అయ్యాక జర్మనీలో పోస్ట్‌డాక్‌కి ట్రై చెయ్యాలని ఉంది, కీల్, బ్రెమెన్ వైపు ఓషనోగ్రఫీ బాగుంటుంది కదా. అందుకని ఆన్‌లైన్లో జర్మన్ ఏ1 (మొట్టమొదటి లెవెల్, తర్వాత ఏ2, బీ1) మొదలుపెట్టాను. దాంతోపాటు ఇంగ్లీష్ కూడా బాగు చేసుకోవాలి, డిగ్రీ దాకా శ్రీకాకుళం జిల్లాలో తెలుగు మీడియం, మాట్లాడ్డం ఎలాగో లాగేస్తా గానీ రాస్తే మా గైడ్ గారు ఎర్ర గీతలతో నింపి పంపిస్తారు. ఇవి కాక రూమ్మేట్లు జిమ్ అంటారు, ఐదింటికి లేవాలంటారు, నెలకో పుస్తకం అంటారు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ గ్రూప్స్‌కి ఎప్పుడు అప్లై చేస్తావు అంటుంది, అది వేరే కథ.

నా ప్రశ్న ఏంటంటే, జర్మన్ అసలు అవసరమా, అవసరమైతే ఇప్పుడే చదవాలా? రెండోది, శాంప్లింగ్ వారం వచ్చిందంటే వేసుకున్న టైంటేబుల్ అంతా గంగలో కలిసిపోతోంది, మీరు ఎలా మేనేజ్ చేస్తున్నారు?

కీల్_కుర్రాడు:

తమ్ముడూ, నేను అక్కడే ఉన్నాను, పోస్ట్‌డాక్. ల్యాబ్ కోసం జర్మన్ అక్కర్లేదు. కీల్‌లో సముద్ర పరిశోధన సంస్థ జియోమార్ అయినా, బ్రెమర్‌హాఫెన్‌లో ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ ఇన్‌స్టిట్యూట్ అయినా, బ్రెమెన్‌లో మెరైన్ మైక్రోబయాలజీ మాక్స్ ప్లాంక్ అయినా గ్రూప్ మీటింగులు, పేపర్లు అన్నీ ఇంగ్లీషులోనే. ఇంటర్వ్యూలో నన్ను జర్మన్ వచ్చా అని ఎవరూ అడగలేదు.

అవసరం పడేది ల్యాబ్ గుమ్మం దాటాక. అద్దె ఇంటికోసం ఓనర్‌తో మాట్లాడాలి, దిగిన కొత్తల్లో టౌన్ ఆఫీసులో అడ్రస్ రిజిస్టర్ చేయించుకోవాలి, డాక్టర్ దగ్గరికి పోతే రిసెప్షన్లో కూర్చున్నావిడకి ఇంగ్లీష్ రాకపోవచ్చు. షిప్ ఎక్కినా అంతే, సైంటిస్టులు ఇంగ్లీషే గానీ క్రూ వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేది జర్మన్. సీటీడీ (ఉప్పదనం, ఉష్ణోగ్రత, లోతు కొలిచే పరికరం) నీళ్ళలోకి దించేటప్పుడు వించ్ దగ్గరున్నాయనతో నాలుగు ముక్కలు ఆయన భాషలో మాట్లాడితే నీ పని ఎంత సాఫీగా నడుస్తుందో చెప్పలేను, రాత్రి రెండింటికి శాంపిల్ తీసే చోట ఆగినా విసుక్కోకుండా వస్తాడు.

ఇంకో సంగతి, దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. బ్లూ కార్డ్ (చదువుకున్న విదేశీ ఉద్యోగులకిచ్చే పర్మిట్) మీద పనిచేసేవాళ్ళకి పర్మనెంట్ రెసిడెన్సీ ఏ1 ఉంటే 27 నెలలకి వస్తుంది, బీ1 ఉంటే 21 నెలలకే. పోస్ట్‌డాక్ కాంట్రాక్టులు రెండేళ్ళు మూడేళ్ళు ఉంటాయి కాబట్టి ఆ ఆరు నెలల తేడా చిన్నదేం కాదు. అందుకని మానెయ్యకు, అలాగని పరిగెత్తకు కూడా. వచ్చేముందు ఏ2 చేతిలో ఉంటే చాలు.

ఏటీ_గొడవ:

బావుందండీ, ఫస్టియర్ కుర్రోడికి పర్మనెంట్ రెసిడెన్సీ గురించి చెప్తున్నారు. తమ్ముడూ నాది పక్క డిపార్ట్‌మెంటే అనుకో, ఒకటి చెప్తాను ఇను. నీకు ముందర ఉన్న గండం జర్మనీ కాదు, రెండేళ్ళ తర్వాత వచ్చే అసెస్‌మెంట్. నెలకి జేఆర్ఎఫ్ 37,000 నుంచి సీనియర్ ఫెలో, అంటే ఎస్ఆర్ఎఫ్, 42,000కి ఎక్కాలంటే కమిటీ ముందు కూర్చుని చేసిన పని చెప్పాలి, రిపోర్ట్ రాసివ్వాలి, అదంతా ఇంగ్లీషే. కాబట్టి నీ లాంగ్వేజ్ స్టడీ పేరు ఇంగ్లీష్. జర్మన్ ఇప్పుడు నేర్చి నాలుగేళ్ళు వాడకపోతే ఏటి మిగుల్తాది? థర్డియర్లో మొదలెట్టు, అప్పుడు ఒంటికి పడతాది.

ఇంగ్లీష్ బాగుపడ్డానికి కోర్సులేవీ కొనకు. మీవోళ్ళందరూ ల్యాబ్ నోట్‌బుక్‌లో ఏటి రాస్తారు? "1 లీ. ఫిల్టర్, జీఎఫ్ఎఫ్, 90% ఎసిటోన్, ఫ్రిజ్" అంతే కదా. ఆ లైన్నే ఆ రోజే పూర్తి వాక్యాల్లో రాయి. నీళ్ళు ఎన్ని మీటర్ల లోతు నుంచి తీశారు, ఏ ఫిల్టర్, ఎసిటోన్‌లో ఎన్ని గంటలు చీకట్లో ఉంచారు, ఎందుకు చీకట్లో ఉంచారు, అన్నీ. మొదట్లో వంకరటింకరగా వస్తాది, పర్లేదు. నీ ఫీల్డులో బాగా రాసిన పేపర్ ఒకటి తీసి దాని మెథడ్స్ సెక్షన్ పక్కన పెట్టుకుని నీది పోల్చుకో, కాపీ కొట్టకు, వాడు ఆర్డర్ ఎలా పెట్టాడో చూడు. ఏడాది తిరిగేసరికి థీసిస్‌లో మెథడ్స్ చాప్టర్ సగం రాసేసి ఉంటాది, ఇంగ్లీష్ కూడా దార్లో పడతాది. గైడ్ గారి ఎర్ర గీతలు పారెయ్యకు, ఏ తప్పు మళ్ళీ మళ్ళీ వస్తోందో చూస్కో, నాకు తెలిసి ఏ, ది ఆర్టికల్సూ టెన్సులూ తప్ప పెద్దగా ఏటీ ఉండవు.

జిమ్ సంగతంటావా, నిండు బకెట్లతో బోటెక్కి దిగేవోడికి జిమ్మేటి. బీచ్ రోడ్డులో పొద్దున్న పూట బళ్ళు ఆపేస్తారు కదా, ఖాళీ ఉన్న రోజు అక్కడ ఓ రౌండు నడువు. ఐదింటికి లేవడం గురించి నీకు చెప్తున్నోళ్ళు ఎప్పుడైనా హార్బర్‌కి నాలుగింటికి వెళ్ళారేటి?

సీతమ్మధార_అక్క:

పైన ఇద్దరూ చెప్పింది బానే ఉంది గానీ టైంటేబుల్ గురించి అడిగినదానికి ఎవరూ సమాధానం చెప్పలేదు. నేను ఫార్మాలో క్యూసీ (క్వాలిటీ కంట్రోల్) అండి, పరవాడ వైపు, షిఫ్టులు వారం వారం మారతాయి. షిఫ్టులు చేస్తూనే జర్మన్ బీ1 దాకా వచ్చాను కాబట్టి చెప్తున్నా.

"రోజూ రాత్రి ఎనిమిదికి" అని పెట్టుకుంటే శాంప్లింగ్ వచ్చిన మొదటి రోజే అది పోతుంది. గడియారం బదులు పనికి తగిలించండి. క్లోరోఫిల్ కోసం ఫిల్టర్ చేస్తున్నారనుకోండి, హార్బర్ నీళ్ళయితే ఫిల్టర్ మీద బురద పేరుకుని చుక్క చుక్కగా దిగుతుంది, ఆ కాసేపు మీరు పంపు పక్కన నిలబడి ఫోనే చూస్తారు కదా, ఆ టైమ్ ఫ్లాష్‌కార్డులకి ఇచ్చెయ్యండి. ఫ్లాష్‌కార్డుల యాప్ ఆంకీ ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్‌కి మాత్రం డబ్బులు కట్టాలి. టైట్రేషన్ అప్పుడు మాత్రం వద్దు బాబూ. స్టార్చ్ వేశాక ఆ నీలం రంగు పోయేది ఒక్క చుక్కలో, మీరు కార్డు తిప్పేలోపు ఎండ్ పాయింట్ దాటిపోతుంది, మళ్ళీ ఆ సీసా కోసం సముద్రంలోకి వెళ్ళలేరు.

శాంప్లింగ్ వారంలో కొత్త పాఠం అసలు పెట్టుకోకండి, పాతవి తిరగెయ్యడం ఒక్కటే. కౌంటింగ్ వారాల్లో కొత్తవి. అంటే మీకు రెండు రకాల వారాలు, రెండు రకాల చదువు. ఇలా పెట్టుకున్నాక నాకు "ఈ రోజు కూడా చదవలేదు" అనే గిల్టీ పోయింది, చదివేదానికంటే ఆ బాధే ఎక్కువ తినేసేది మనిషిని.

పరీక్ష గురించి కూడా చెప్తాను, గోథె బీ1లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగూ వేర్వేరు మాడ్యూల్స్, ఒకేసారి రాయక్కర్లేదు, ఒక్కోదాంట్లో 60 రావాలి. ఏది రెడీ అయితే అది రాసుకోవచ్చు. సెంటర్ చెన్నైలో ఉంది, హైదరాబాద్‌లో గోథె జెంట్రుమ్ ఉంది. నేను సాయంత్రం గోదావరి ఎక్కి పొద్దున హైదరాబాద్‌లో దిగి రాసొచ్చాను. మాట్లాడే మాడ్యూల్ మాత్రం యాప్‌తో రాదు, ఎదురుగా మనిషుండాలి, వారానికి అరగంటైనా ఎవరితోనైనా మాట్లాడాలి.

కీల్_కుర్రాడు:

అక్కా మాడ్యూల్స్ సంగతి కరెక్ట్. గొడవ గారికి ఒకటే మాట, థర్డియర్లో మొదలెట్టమన్నారు గానీ థర్డియర్లో పేపర్ రివిజన్లు, ఫోర్తియర్లో థీసిస్, ఖాళీ ఎక్కడిది? జేఆర్ఎఫ్ వాడికి ఫస్టియరే కాస్త తీరిక. వాడకపోతే పోతుందన్నది నిజమే, అందుకే ఇప్పటికి ఏ1 దగ్గర ఆపేసి వేడి చల్లారకుండా చూసుకోమంటున్నా, డాయిష్ వెల్లె వాళ్ళ సైట్లో ఏ1 నుంచి బీ1 దాకా వీడియో కోర్సు ఉచితంగా ఉంది, అది చాలు.

ఏటీ_గొడవ:

ఫస్టియర్లో తీరికా! ఏ గైడ్ దగ్గర చేశారండీ మీరు, మాకూ చెప్పండి.

ఉప్పుగాలి:

అందరికీ థాంక్స్ అండి. గొడవ అన్నా, నోట్‌బుక్ సంగతి ఈ రోజే మొదలుపెట్టాను, రెండు ఫిల్టర్ల గురించి పూర్తి వాక్యాల్లో రాసేసరికి అరపేజీ అయింది, "ఎందుకు చీకట్లో" దగ్గర ఆగిపోయి సీనియర్‌ని అడగాల్సొచ్చింది, వెలుతురు తగిలితే క్లోరోఫిల్ విరిగిపోతుందట, ఇన్నాళ్ళూ ఫాయిల్ చుట్టమంటే చుట్టానంతే. జిమ్ అయితే మానేశాను, రూమ్మేట్లతో మాటలు పడుతున్నాను. జర్మన్ మాత్రం మానను అన్నా, ఏమీ అనుకోకు, ఏ1 పూర్తి చేసి అక్క చెప్పినట్టు రెండు రకాల వారాలు పెట్టుకుంటా.

అక్కా ఒక డౌట్. నా ఆన్‌లైన్ బ్యాచ్ సోమ, బుధ, శుక్ర సాయంత్రం ఏడున్నరకి. మార్చి, ఏప్రిల్లో మన తీరంలో అప్‌వెల్లింగ్ (అడుగు నీళ్ళు పైకి రావడం) ఉంటుంది కదా, అప్పుడు శాంప్లింగ్ మరీ ఎక్కువ పెడతారు, క్లాసులు సగం పోతాయి. సండే బ్యాచ్‌కి మారిపోనా? అందులో ఒకటే పెద్ద క్లాసు, మూడు గంటలు.

సీతమ్మధార_అక్క:

మారిపోండి. కాకపోతే మూడు గంటల క్లాసు తర్వాత వారమంతా ముట్టుకోకపోతే వచ్చే సండేకి ఏమీ గుర్తుండదు, ఫిల్టర్ పక్కన కార్డులు మానకండి. ఇంకోటి, మారే ముందు రికార్డింగులు ఇస్తారో లేదో అడగండి, కొన్ని బ్యాచుల్లో ఇవ్వరు. సండే కూడా బోట్ ఎక్కమంటారేమో మీ సార్‌ని ముందే కనుక్కోండి మరి.