సబ్‌టైటిల్స్ వెనకబడిపోతున్నాయి, సరిచేసే దారి చెప్పండి

1990లో వచ్చిన ‘మౌంటెన్స్ ఆఫ్ ద మూన్’ సినిమా డీవీడీ నా దగ్గరుంది. నైలు నది పుట్టుక వెతుక్కుంటూ 1857లో బయల్దేరిన బ్రిటిష్ అన్వేషకులు బర్టన్, స్పీక్‌ల కథ. ఇంత మంచి సినిమాని ఎవరూ తలచుకోరేమిటో! త్ర్యంబకంలో పుట్టిన గోదారి సముద్రంలో కలిసే చోట ఉంటాం కదా, ఇక్కడి పిల్లలకి చూపించాలని ఇంగ్లీషు ఎస్‌ఆర్‌టీ ఫైలు (సబ్‌టైటిల్ మాటలూ, అవి తెరమీద పడే టైములూ ఉండే ఫైలు) తీసుకుని, టైములు కదపకుండా మాటలన్నీ తెలుగులో పెట్టాను. నెల పట్టింది.

మొదటి మాట సరిగ్గానే పడుతోంది. పదో నిమిషానికి 25 సెకన్లు ఆలస్యం, గంట దాటేసరికి రెండున్నర నిమిషాలు. స్పీక్ చెవిలో పురుగు దూరితే కత్తిమొనతో కెలుక్కునే సీన్ ఉంది. అతను విలవిల్లాడుతుంటే కింద ఎప్పటిదో మాట కనపడుతోంది.

కంప్యూటర్లో వీడియోలు వేసే వీఎల్‌సీ ప్లేయర్‌లో జీ, హెచ్ కీలతో సబ్‌టైటిల్స్‌ని ముందుకీ వెనక్కీ జరిపి చూశాను. జరిపిన చోట కుదురుతుంది, పది నిమిషాల్లో మళ్ళీ వెనకబడుతుంది. ఇంకో ఎస్‌ఆర్‌టీ తెచ్చి చూసినా అదే తేడా. డిస్కు సెకనుకి 25 ఫ్రేములది (ఫ్రేమంటే వీడియోలో ఒక్కో బొమ్మ), ఫైలు 23.976 ఫ్రేములకి చేసింది. తేడా అక్కడే అనుకుంటున్నాను. పైగా టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి వేస్తాం కాబట్టి ఫైల్లోనే మార్పు జరగాలి.

తెలుగు అక్షరాలు చెడకుండా, ఫైల్లోని టైములన్నీ ఒకేసారి 23.976 నుంచి 25కి మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏది, అందులో ఏ ఆప్షన్ నొక్కాలండీ?