టీకాలకు ఏడు వేల బిల్లు: ఇవన్నీ కావాలా, డాక్టర్నే మార్చుకోవాలా?

కృష్ణలంక
నమస్కారమండి. మాది విజయవాడ. మా లాబ్రడార్‌కి నాలుగేళ్ళు. ఏడాది టీకాలకని ఒక ప్రైవేటు క్లినిక్‌కి తీసుకెళ్తే చేతిలో పెట్టిన లెక్క ఇది. తొమ్మిది రోగాల టీకా 1100, రేబీస్ 450, కెన్నెల్ కాఫ్ (కుక్కల అంటు దగ్గు) 1300, కుక్కల కరోనా 900, రక్తపరీక్షల ప్యాకేజీ 2600, నులిపురుగుల మాత్ర 150, డాక్టరు ఫీజు 600. మొత్తం 7100. దేనికదే వేయమంటే "ఇక్కడ ప్యాకేజీయే" అన్నారు. బతిమాలి రేబీస్ ఒక్కటి వేయించుకొని వచ్చేశాను. కుక్క హుషారుగానే ఉంది, తిండి బాగా తింటోంది. చిన్నప్పటి డోసులన్నీ పుస్తకంలో ఉన్నాయి. మిగతావి నిజంగా అవసరమా? డాక్టర్ని ఎంచుకునేటప్పుడు మీరు ఏం చూస్తారు?

బ్రూనో వాళ్ళమ్మ
టీకాల దగ్గర బేరాలేంటండీ? పార్వో వచ్చిందంటే నాలుగు రోజుల సెలైన్లకే ఈ డబ్బు చాలదు. వాంతులు, నెత్తుటి విరేచనాలు కళ్ళారా చూసినదాన్ని. వేయించేయండి.

దమ్మాయిగూడ ఆటో
అన్నా, హైదరాబాద్‌ల ఉంటే నారాయణగూడ సర్కారు పశువుల దవాఖానకు పొమ్మందును. మా ఇంటి కుక్కనైనా, గల్లీ కుక్కలనైనా నేను ఆడికే తీస్కపోత. కొన్ని మందులు ఆడ్నే ఇస్తరు, లేనియి చీటీ రాస్తరు. పొద్దుగాల పోవాలె, లైన్ ఉంటది. ఇగ జూలై 6 జూనోసిస్ డే, అంటే జంతువుల కెల్లి మనుషులకు అంటే రోగాల దినం. ఆ దినం సర్కారు దవాఖానలల్ల రేబీస్ టీకా ఫ్రీగ ఏస్తరు.

పశువైద్యం_సీమ
నేను పశువైద్యుణ్ణి, కడప జిల్లాలో ప్రాక్టీసు. అడిగినదానికి సూటిగా చెబుతాను.

డిస్టెంపర్, పార్వో, అడినో వైరస్ టీకాలు పిల్లప్పుడు వరసగా పడి, ఆరు నెలల నుంచి ఏడాది లోపు బూస్టర్ కూడా పడితే ఆ రక్షణ ఏళ్ళ తరబడి ఉంటుంది. చిన్న జంతువుల పశువైద్యుల ప్రపంచ సంఘం 2024 మార్గదర్శకాలు కూడా వీటిని మూడేళ్ళ కంటే దగ్గర దగ్గరగా వేయనక్కర్లేదనే చెబుతున్నాయి. ఎలుకల మూత్రం వల్ల అంటుకునే లెప్టోస్పైరోసిస్ (లెప్టో) సంగతి వేరు. అది చంపిన బ్యాక్టీరియాతో చేసే టీకా, దాని బలం ఏడాదికి తగ్గిపోతుంది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళలో, మురుగులో తిరిగే కుక్కకి అది ఏటా కావాలి. రేబీస్ మన దేశంలో ఏటా వేయించాల్సిందే, అందులో చర్చ లేదు.

కుక్కల కరోనా టీకాని ఆ సంఘం సిఫారసు చేయదు. కెన్నెల్ కాఫ్ టీకా పది కుక్కలు కలిసే చోటికి, అంటే హాస్టల్లో వదలడానికో షోలకో తీసుకెళ్ళేవాళ్ళకి. నాలుగేళ్ళ ఆరోగ్యమైన కుక్కకి రక్తపరీక్ష చేయిస్తే మంచిదే, చేయించకపోతే కొంప మునగదు.

ఇంకొకటి గమనించండి. ఈ తొమ్మిది రోగాల కలగలుపు టీకా మామూలుగా రెండు సీసాలుగా వస్తుంది. పొడి సీసాలో వైరస్ టీకాలు, నీళ్ళ సీసాలో లెప్టో. డాక్టరు రెండూ మీ ముందే ఫ్రిజ్‌లోంచి తీసి, పొడిని ఆ నీళ్ళతో కలిపి, రెండు సీసాల స్టిక్కర్లూ మీ పుస్తకంలో అంటించాలి. స్టిక్కర్ మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. పక్కన సంతకం, రిజిస్ట్రేషన్ నంబరుతో ముద్ర. సిరంజిలో ముందే కలిపి పెట్టిన టీకా వేయించుకోవద్దు. డాక్టర్ని ఎంచుకోవడానికి నేను చెప్పగలిగిన మొదటి గుర్తు ఇదే, ఏసీ గదీ కాదు, గోడమీద ఫొటోలూ కాదు.

పిల్లులిల్లు
డాక్టరు గారు ముఖ్యమైంది వదిలేశారు. మందుల చీటీ! మా దగ్గర క్లినిక్‌లో మందు వాళ్ళే అమ్ముతారు, చీటీ రాసివ్వరు. అడిగితే "మా దగ్గరే దొరుకుతుంది కదమ్మా" అంటారు. మందు పేరు తెలియకపోతే రేపు అర్ధరాత్రి వేరే డాక్టరు దగ్గరికి పరుగెత్తినప్పుడు ఏం చెప్పాలి? చీటీ ఇవ్వని చోటికి వెళ్ళకండి. అంతే.

బ్రూనో వాళ్ళమ్మ
విదేశాల్లో కూర్చొని రాసిన మార్గదర్శకాలు మన వీధులకి పనికొస్తాయా డాక్టరు గారూ? అక్కడ వీధికుక్కలు లేవు. ఇక్కడ గేటు తీస్తే పార్వోయే. మా డాక్టరు ఏటా వేస్తారు, సీసా మీద కాగితంలోనూ ఏటా అనే ఉంటుంది.

పశువైద్యం_సీమ
వీధికుక్కలు ఎక్కువున్న దేశాల్ని కూడా దృష్టిలో పెట్టుకొనే అవి రాస్తారమ్మా. సీసా కాగితం మాట నిజం, కొన్ని కంపెనీలు ఏటా అనే రాస్తాయి. దాని ప్రకారం వేసే డాక్టరు మోసగాడు కాదు. నేను తప్పుపట్టేది "ప్యాకేజీ మొత్తం వేయించుకో, లేకపోతే ఏదీ వేయను" అనడాన్ని.

పాలేరు గట్టు
ఇంత గొడవ దేనికి. మా ఊళ్ళో కాంపౌండరు ఉన్నాడు, గేదెలకీ ఆయనే కుక్కలకీ ఆయనే. ఇంటికొచ్చి రెండొందలకి పొడుస్తాడు. ఇరవై ఏళ్ళ నుంచీ చూస్తున్నాం, ఏమీ కాలేదు.

పశువైద్యం_సీమ
ఆ టీకా ఏ ఫ్రిజ్‌లోంచి వచ్చిందో అడిగారా? బండి డిక్కీలో ఎండన తిరిగిన రేబీస్ టీకా పనిచేస్తుందన్న నమ్మకం లేదు. టీకా ఉండాల్సింది రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య. కుక్కకి టీకా పడిందన్న ధైర్యంతో అది కరిచినా ఆసుపత్రికి వెళ్ళరు, అదీ నా భయం. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం రిజిస్టరైన పశువైద్యుడే వైద్యం చేయాలి. మిగతా సిబ్బంది చిన్న చిన్న సేవలు చేయవచ్చు, అదీ డాక్టరు పర్యవేక్షణలో.

పాలేరు గట్టు
చట్టం సరే. మా మండలంలో డాక్టరు పోస్టు ఖాళీ. అర్ధరాత్రి గేదె ఈనలేక అడ్డం తిరిగితే మీ చట్టం వస్తుందా, ఆ కాంపౌండరు వస్తాడా?

పిల్లులిల్లు
ఆ కాంపౌండరు చీటీ రాస్తాడా?

పశువైద్యం_సీమ
గేదె ఈత కష్టమైతే 1962కి ఫోన్ చేయండి, రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనాలు ఉన్నాయి. పోస్టులు ఖాళీ ఉన్న మాట నేనూ ఒప్పుకుంటాను, దాని మీద కోపం ప్రభుత్వం మీద చూపించండి. నా బాధ వేరు. కుక్క కుంటుతోందని మెడికల్ షాపులో మనుషుల నొప్పి మాత్ర కొని నాలుగు రోజులు మింగించి, నెత్తురు కక్కుకున్నాక మోసుకొస్తారు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపునీ కిడ్నీలనీ తినేస్తాయి. పిల్లికి పారాసిటమాల్ సగం మాత్ర వేసినా ప్రాణం పోవచ్చు. పదిహేను రూపాయల మాత్రతో మొదలైనదాన్ని నేను పదివేలు పెట్టించి కూడా నిలబెట్టలేకపోతే, బయటికెళ్ళి "డాక్టరు దోచుకున్నాడు" అంటారు. ఖర్చు తగ్గించుకోవాలంటే మొదటి రోజే రండి. పిడుదుల జ్వరం తొలిరోజుల్లో పట్టుబడితే డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు వాడితే చాలావరకు తగ్గుతుంది, ఆ మందు చవకైనదే. ప్లేట్‌లెట్లు పడిపోయి ముక్కులోంచి నెత్తురొచ్చాక వస్తే రక్తం ఎక్కించాల్సి రావచ్చు.

డల్లాస్ శ్రీను
ఇక్కడ మా కుక్కకి పళ్ళు శుభ్రం చేయించాలంటేనే ఇండియా టిక్కెట్టంత అయింది. కానీ ఒక పద్ధతి మాత్రం బాగుంది. ఏ పని మొదలుపెట్టే ముందైనా అంచనా కాగితం ఇస్తారు, తక్కువలో ఎంత, ఎక్కువలో ఎంత అని. సంతకం పెడితేనే మొదలుపెడతారు.

బ్రూనో వాళ్ళమ్మ
అందరూ డబ్బు, డబ్బు, డబ్బు. నోరులేని ప్రాణం గురించి ఒక్కరైనా మాట్లాడుతున్నారా? బిడ్డకి జ్వరమొస్తే అంచనా కాగితం అడుగుతారా? నన్నడిగితే, స్థోమత లేనివాళ్ళు కుక్కని తెచ్చుకోకూడదు. వేలు పోసి లాబ్రడార్‌ని కొనుక్కొని టీకాకి ఏడుస్తారు.

దమ్మాయిగూడ ఆటో
అక్కా, ఆ మాట అనకు. స్థోమత ఉన్నోళ్ళే కుక్కను పెంచాల్నంటే మా గల్లీల కుక్కలకు బువ్వ పెట్టెటోళ్ళెవరు? పెద్ద పెద్ద బంగ్లలోళ్ళు కుక్క ముసల్దైతే కార్ల తెచ్చి మా బస్తీల ఇడ్సిపోతరు. పోయిన ఏడు మెడల బెల్టుతోనే ఒక జర్మన్ షెపర్డును ఇడ్సిపోయిన్రు. పెయ్యంత గోమార్లు. దాన్ని నా ఆటోల నేనే తీస్కపోయి సూపిచ్చిన. ఆ దినం నా గిరాకీ పోయింది. స్థోమత ఎవరికున్నట్టు?

కృష్ణలంక
కొనలేదండి. బదిలీ మీద వెళ్ళిపోతూ మా పైఅంతస్తు వాళ్ళు వదిలేస్తే తెచ్చుకున్నాం. అయినా అది కాదు విషయం.

ఇంతవరకూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. దీనికి ముందు మాకు ఒక స్పిట్జ్ ఉండేది, పదమూడేళ్ళది. కిడ్నీలు పోయాయి. ఒక పెద్ద జంతు ఆసుపత్రిలో చేర్చాం. రోజూ పొద్దున కౌంటర్ దగ్గర "ఈ రోజుకి ఇంత కట్టండి" అనేవారు. డాక్టరు వచ్చి "చూద్దాం" అనేవాడు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతుందో నేనడిగితే తప్ప చెప్పలేదు, దానికి అర్థమేమిటో అడిగినా చెప్పలేదు. మా అమ్మ గాజులు తాకట్టు పెట్టి కట్టాను. ఆ కుక్క ఇనప బోనులో, కాలికి సూది టేపుతో చుట్టి, మేం వెళ్ళిన ప్రతిసారీ తలుపు వంక చూసేది. అక్కడే పోయింది. బతకదని వాళ్ళకి ముందే తెలుసు. ఆ మాట చెప్పి ఉంటే ఇంటికి తీసుకొచ్చేవాళ్ళం. లేదా బాధ లేకుండా శాశ్వతంగా నిద్రపుచ్చమని మేమే అడిగేవాళ్ళం. డబ్బు పోయినందుకు కాదు నా బాధ. మాట చెప్పలేదు.

అందుకే ఈ ప్యాకేజీ చూడగానే ఒళ్ళు మండింది. స్థోమత గురించి మాట్లాడే ముందు ఆ కౌంటర్ దగ్గర నిలబడి చూడండి.

పర్యవేక్షకుడు
వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు. ఎవరూ ఆసుపత్రుల పేర్లు రాయకండి. చర్చ కొనసాగించవచ్చు.

బ్రూనో వాళ్ళమ్మ
మీ స్పిట్జ్ గురించి చదివి ఏడ్చాను, నిజంగా. కానీ నా మాట కూడా వినండి.

బ్రూనోకి రెండున్నర నెలలప్పుడు పార్వో వచ్చింది. మొదట వెళ్ళిన డాక్టరు టేబుల్ మీద పిల్లని చూస్తూనే "ఇరవై వేలు అవుతుంది, బతుకుతుందన్న గ్యారంటీ లేదు, ఇంకోటి కొనుక్కోండి" అన్నాడు. ఎంత అవుతుందో చెప్పాడు, ఛాన్సు లేదనీ చెప్పాడు. మీరు కోరుకున్నట్టే ముందే చెప్పాడు! నేను అక్కడినుంచి లేచి వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ లెక్క మాట్లాడకుండా ముందు సెలైన్ పెట్టింది. ఇప్పుడు బ్రూనోకి ఆరేళ్ళు. మొదటే డబ్బు మాట ఎత్తే డాక్టర్ని నేను నమ్మలేను. కాగితం మీద అంకె చూసి ఎన్ని ఇళ్ళలో కుక్కని వద్దనుకుంటారో మీకు తెలియదు.

పశువైద్యం_సీమ
ఇప్పుడు మీ ఇద్దరి గొడవ ఏమిటో అర్థమైంది. టీకా ఏటా వేయాలా మూడేళ్ళకా అన్నది అసలు గొడవే కాదు.

మా వైపునుంచి ఒక మాట. "బతకదు" అని చెప్పడం మాకు కష్టం. చెప్పిన తర్వాత బతికితే "చేతకాని డాక్టరు", చెప్పకుండా చచ్చిపోతే "దొంగ డాక్టరు". పార్వో పిల్లకీ, పదమూడేళ్ళ కిడ్నీ రోగికీ ఒకే జవాబు ఉండదు. పార్వోలో నాలుగైదు రోజులు ఒంట్లో నీళ్ళు తగ్గకుండా నిలబెడితే చాలా పిల్లలు లేస్తాయి, ఖర్చు పెట్టడానికి అర్థముంది. ముసలి కుక్కకి కిడ్నీలు పూర్తిగా దెబ్బతిన్నాక సెలైన్ ఇస్తే కొద్దిరోజులు తేలికపడుతుంది, కిడ్నీ తిరిగి రాదు. ఈ తేడా చెప్పాల్సిన పని డాక్టరుదే. మీ స్పిట్జ్ విషయంలో చెప్పకపోవడం తప్పు, నేనైనా అలాగే అంటాను.

నా దగ్గరికి వచ్చేవాళ్ళకి చెప్పేది ఇది: జబ్బేమిటి, తగ్గే అవకాశమెంత, మూడు రోజులకి ఎంతవుతుంది, మూడో రోజుకి ఏం కనబడితే మందు పనిచేస్తున్నట్టు. ఈ నాలుగూ అడగండి. జవాబు చెప్పడానికి విసుక్కునే చోటినుంచి వెళ్ళిపోండి.

పిల్లులిల్లు
ఆ నాలుగూ చీటీ మీద రాసివ్వాలి.

బ్రూనో వాళ్ళమ్మ
అడగండి, కాదనను. కానీ ముందు సూది గుచ్చి సెలైన్ పెట్టాక అడగండి. కుక్క టేబుల్ మీద వణుకుతుంటే లెక్కలేంటి అన్నదే నా మాట. అది మార్చుకోను.

కృష్ణలంక
సెలైన్ పెట్టనివ్వండి, ఆ గంటలోనే మాట కూడా చెప్పనివ్వండి. ఆపాలా కొనసాగించాలా అన్నది ఇంట్లోవాళ్ళ నిర్ణయం. డాక్టరుదీ కాదు, కౌంటర్‌దీ కాదు, ఇక్కడ మనదీ కాదు.

దమ్మాయిగూడ ఆటో
గది కరెక్టు అన్నా.

పశువైద్యం_సీమ
కృష్ణలంక గారూ, మీకు గన్నవరం దగ్గరే. అక్కడి ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి టీకా పుస్తకంతో వెళ్ళండి. విద్యార్థులు చూస్తారు, ప్రొఫెసర్లు పక్కనుంటారు, కాస్త ఆలస్యమవుతుంది. కలగలుపు టీకా చివరిసారి ఎప్పుడు పడిందో పుస్తకంలో చూసి చెప్పండి.

కృష్ణలంక
రెండేళ్ళ కిందటి స్టిక్కర్లు ఉన్నాయి, రెండూ ఉన్నాయి. పోయిన ఏడాది పేజీలో మాత్రం ఒకటే స్టిక్కర్.

పశువైద్యం_సీమ
పోయిన ఏడాది స్టిక్కర్ మీద ఏం రాసుందో ఫొటో పెట్టండి. రేబీస్ ఒక్కటే అయితే లెప్టో గడువు ఎప్పుడో దాటింది. అప్పుడు ఒక్క డోసు చాలదు, రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు వేయించాలి. వానలు ముదరకముందే వెళ్ళండి.

పాలేరు గట్టు
డాక్టరు గారూ, మా ఊరికుక్కకి కూడా ఆ ఎలుకల టీకా కావాలా? రోజూ వరి మడిలోనే పడుకుంటుంది.

పశువైద్యం_సీమ
అందరికంటే ముందు దానికే కావాలి.