సోనాపూర్ నుంచి గోపాల్‌పూర్‌కి గాలివాటంగా: ఫాయిల్ బోర్డు మీద సెయిల్ ఆస్తా, గుదిబండా?

బరంపురం గాలోడు
ఈ తగువు మా ఇంట్లో నెల నుంచి నడుస్తోంది. ఇక్కడ పెడుతున్నా, మీరే తేల్చండి.

నా దగ్గర విండ్‌సర్ఫ్ ఫాయిల్ బోర్డు ఉంది. అంటే పైన సెయిల్ (తెరచాప), అడుగున ఫాయిల్: నీళ్లలోకి దిగే కడ్డీ, దాని చివర రెక్కలు. వేగం అందుకోగానే ఆ రెక్కలు బోర్డుని నీటిపైకి లేపుతాయి. నిరుడంతా ఛత్రపూర్ పక్కన తంపరా చెరువులో పడుతూ లేస్తూ నేర్చుకున్నా. ఇప్పుడు కన్ను సముద్రం మీద పడింది. ఎండాకాలం మధ్యాహ్నాలు మన గంజాం తీరంలో గాలి నైరుతి నుంచి ఇంచుమించు ఒడ్డు వెంబడే కొడుతుంది కదా. సోనాపూర్‌లో దిగి, గాలిని వీపున పెట్టుకుని, అది లేపిన కెరటాల మీద ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుతూ గోపాల్‌పూర్‌లో తేలాలని కోరిక. ఇరవై కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది.

మా బావ (ఆయనా ఇక్కడే ఉన్నాడు, వస్తాడు) ఏమంటాడంటే, కెరటం మోసుకుపోతుంటే చేతిలో సెయిల్ దేనికి, అమ్మేసి వింగ్ (బోర్డుకి బిగించకుండా చేత్తో పట్టుకునే, గాలి కొట్టిన రెక్క) కొనుక్కోమని. నాకేమో సెయిల్ చేతిలో ఉన్నంతసేపే సముద్రంలో నా మాట చెల్లుతుందనిపిస్తుంది. ఎవరిది రైటు?

ఇచ్ఛాపురం బావ
వచ్చా. ఒరేయ్, చిన్న లెక్క. గాలి 18 నాట్లు (ఒక నాటంటే గంటకి 1.85 కిలోమీటర్లు). కెరటంతో పాటు నువ్వూ అదే దిక్కుకి 14 నాట్లతో పోతున్నావు. నీ ఒంటికి తగిలే గాలి ఎంత? నాలుగు. ఆ నాలుగు నాట్లలో ఐదు చదరపు మీటర్ల సెయిల్, దాని మాస్టు (నిలువు కర్ర), బూమ్ (చేత్తో పట్టుకునే అడ్డకర్ర) అన్నీ తడిబట్టల మూటలా నీ చేతుల్లో వేలాడతాయి. వదిలేద్దామా అంటే వదలలేవు, బోర్డుకి బిగించి ఉంది. నీళ్లలో పడిందంటే ఆ పరుగు అక్కడితో సరి.

వింగ్ అయితే ముందు పిడి ఒక్కటి పట్టుకుంటే చాలు, వెనకాల జెండాలా ఎగురుతూ వస్తుంది. కెరటం అయిపోయాక మళ్లీ నింపుకోవచ్చు. ఇందులో తగువేముంది?

పలాస కుర్రాడు
బావగారూ, మరి ఒలింపిక్స్‌లో పెట్టింది సెయిల్ ఉన్న ఫాయిలే కదా? 2024 పారిస్ ఆటలప్పుడు మార్సెయిల్‌లో ఐక్యూఫాయిల్ పోటీ చూశా, ఏం పరుగది! అంతకుముందు ఉన్న ఆర్‌ఎస్:ఎక్స్ బోర్డుని తీసేసి మరీ పెట్టారు. పనికిరానిదైతే పెడతారా?

గోపాల్‌పూర్ కోడలు
తమ్ముడూ, అది వేరే ఆట. ఒలింపిక్స్‌లో బోయాల (నీటిమీద తేలే గుర్తుల) చుట్టూ తిరగాలి, గాలికి ఎదురెక్కాలి, సెయిల్ ఎప్పుడూ నిండుగా ఉండాలి. ఇక్కడ వీళ్లిద్దరూ కొట్టుకునేది సెయిల్ ఖాళీ చేసి పోయే సంగతి గురించి. దాన్ని చూపించి దీన్ని గెలవలేం.

ఇంకా రాస్తాను, పొయ్యి మీద చారు పొంగుతోంది.

ఛత్రపూర్ మాస్టారు
నమస్కారం. నేను ఫిజిక్స్ చెప్పి రిటైరయినవాణ్ణి. ఫాయిల్ ఎక్కలేదు, ఎక్కను కూడా. కానీ బావగారి లెక్కలో సగమే ఉంది కాబట్టి మిగతా సగం చెప్తాను.

లోతు నీళ్లలో కెరటం వేగం దాని ఎత్తును బట్టి ఉండదు, ఎన్ని సెకన్లకోసారి వస్తుందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ సెకన్లని 1.56తో గుణిస్తే సెకనుకి ఎన్ని మీటర్లు పోతుందో వస్తుంది. ఐదు సెకన్ల కెరటం సెకనుకి 7.8 మీటర్లు, అంటే 15 నాట్లు. ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి 39 మీటర్లు. నాలుగు సెకన్లదైతే 12 నాట్లే. మన మధ్యాహ్నపు గాలి లేపేవి ఈ రకాలు, ఫాయిల్‌కి అందేవీ ఇవే. దక్షిణ సముద్రాల నుంచి వచ్చే 12 సెకన్ల పొంగు లోతులో 36 నాట్లతో పోతుంది. అది మీ కిందనుంచి జారిపోతుంది, అంతే. ఒడ్డుకి దగ్గరపడి నీళ్ల లోతు తగ్గాక అదీ నెమ్మదిస్తుంది. ఐదు మీటర్ల లోతులో ఏ కెరటమైనా దాదాపు 14 నాట్లకు మించదు. కానీ అక్కడి నుంచి ఇంకాస్త ఒడ్డుకి పోతే అది విరుగుతుంది.

అసలు చిక్కు ఇది. కెరటాలు గుంపులుగా నడుస్తాయి. గుంపు వేగం కెరటం వేగంలో సగం. అంటే ఒక్కో కెరటం గుంపు వెనక పుట్టి, ముందుకు నడిచి, గుంపు మొదటికి వచ్చేసరికి అణిగిపోతుంది. ప్రేయర్ లైన్లో వెనకనుంచి తోసుకొచ్చిన కుర్రాడు హెడ్మాస్టారు కనపడగానే మాయమైనట్టు. కాబట్టి మీరెక్కిన కెరటం ఎంత మంచిదైనా కాసేపట్లో కాళ్ల కిందే చచ్చిపోతుంది. అప్పుడు ముందుదాని వీపెక్కి దాటాలి, లేదా పక్కకి జరగాలి. రెండింటికీ బలం కావాలి. ఆ బలం మీకు ఎక్కడి నుంచి వస్తుందన్నదే ప్రశ్న.

బరంపురం గాలోడు
చూశావా బావా! బలం కావాలట. సెయిల్ అందుకే.

ఇచ్ఛాపురం బావ
బలం కావాలన్నారుగానీ సెయిల్ కావాలనలేదు. వింగ్‌కి బలం లేదా? చదవడం నేర్చుకో.

గోపాల్‌పూర్ కోడలు
చారు దించాను. పెళ్లికి ముందు చెన్నై దగ్గర కోవళంలో ఐదేళ్లు విండ్‌సర్ఫింగ్ చేశాను, అందులో రెండేళ్లు ఫాయిల్. కాబట్టి దెబ్బలు తిన్న అనుభవంతో చెప్తున్నా.

మొదటిది, ఎవరూ సూటిగా గాలివాటంగా పోరు. బావగారి నాలుగు నాట్ల లెక్క ఆ సూటి దారికే. గాలికి కాస్త అడ్డంగా పోయి, గాలి పట్టి, కెరటం ముఖం దొరకగానే దాంతో పాటు కిందికి తిరిగి, సెయిల్ తెరిచి వదిలేసి, అది చావబోయే ముందు మళ్లీ అడ్డంగా తిప్పుతాం. పక్కకి తిప్పగానే గాలి మళ్లీ తగులుతుంది. మాస్టారు అడిగిన బలం అక్కడ దొరుకుతుంది. ఈ సంధి పట్టుకోవడమే మొత్తం విద్య.

రెండోది ఎవరూ చెప్పరు, నన్ను ఏడిపించింది ఇదే. సెయిల్‌లో గాలి ఉన్నప్పుడు ఆ తోపు మాస్టు కాలు (మాస్టు బోర్డుకి బిగించే చోటు) గుండా బోర్డు ముక్కు మీద పడి దాన్ని కింద పట్టి ఉంచుతుంది. కెరటం దొరికింది కదాని సెయిల్ వదలగానే ఆ బరువు పోతుంది. ముక్కు లేస్తుంది, ఫాయిల్ నీటిపైకి వచ్చి గాలి మింగుతుంది, పట్టు పోతుంది, నువ్వు సెయిల్ మీద బోర్లా పడతావు. నాకు రెండు పక్కటెముకలు కమిలాయి. వింగ్ వాళ్లకి ఈ గొడవ లేదు, వాళ్ల బరువంతా కాళ్ల మీదే ఉంటుంది. ఇందులో బావగారికి పూర్తి మార్కులు.

దీనికి మందు ఉంది. సెయిల్ వదిలే క్షణానికి ఒక అరక్షణం ముందే బరువు ముందు కాలి మీదికి తేవాలి. మాస్టు కాలుని ట్రాక్‌లో వేలెడంత ముందుకి జరపాలి. అన్నిటికంటే ముఖ్యం, ముందు రెక్క చిన్నది పెట్టాలి. గాలోడు తమ్ముడూ, తంపరాలో నీ ముందు రెక్క ఎంత?

బరంపురం గాలోడు
1700 చదరపు సెంటీమీటర్లు అక్కా. మెత్తగా లేస్తుందని షాపులో ఇచ్చారు.

గోపాల్‌పూర్ కోడలు
అనుకున్నా. లేచే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. చెరువులో నువ్వు 12 నాట్లతో పోతావనుకో. కెరటం నిన్ను 16కి తోస్తే అదే రెక్క దాదాపు 1.8 రెట్లు లేపుతుంది. ముందు కాలు మీద నిలబడి ఏడవాల్సిందే. 1100 దగ్గర చూడు. లేవడానికి కాస్త ఎక్కువ గాలి కావాలి, అది ఇక్కడ ఉంది. కింది మాస్టు (బోర్డునీ రెక్కల్నీ కలిపే కడ్డీ) 90 సెంటీమీటర్లకి తగ్గనివ్వకు, పొట్టిదైతే ప్రతి గుంటలోనూ ఫాయిల్ బయటికొస్తుంది. సెయిల్ మాత్రం చిన్నది, నాలుగున్నర నుంచి ఐదు.

తెప్పోళ్ల మనవడు
అందరూ పైన గాలి గురించే మాటాడతన్నారు. కింద ఏటుందో ఎవరూ సెప్పరేటి?

మాది నోలియా కుటుంబం, సేపలు పట్టేవోళ్లం, మా తాత తెప్ప మీద పోయేవోడు. సోనాపూర్ నించి గోపాల్‌పూర్ దాకా ఒలలే ఒలలు. తేలు ఒలకి బెండు కనపడతాది, దిగు ఒలకి కనపడదు. మీ ఫాయిల్ తొంభై సెంటీమీటర్లు నీళ్లలోకి దిగి కత్తిలా పోతాది. ఒల తగిల్తే మీరు ముందుకెగురుతారు, ఆ ఒల సిరిగితే మా ఇంటి కూడు సిరుగుతాది. సెయిలా వింగా అన్నది తరవాత.

ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా 61 రోజులు ఏట బందు, పెద్ద మోటారు పడవలు దిగవు, ఒలలు తక్కువ. ఎళ్తే అప్పుడెళ్లండి. కానీ అప్పుడు మిమ్మల్ని లాక్కొచ్చే పడవా దొరకడం కష్టం. రెండూ కావాలంటే కుదరదు.

ఇంకోటి. మా తాతలు తెరసాపెత్తి గాలివాటంగానే ఇంటికొచ్చేవోరు. ఒడ్డు కెరటాల కాడికొచ్చేసరికి సాప దించి తెడ్డు పట్టేవోరు. ఎందుకంటే కెరటం ఎనకనించి ఎత్తినప్పుడు సాపలో గాలుంటే తెప్ప అడ్డం తిరుగుతాది. ఈ మాట మీ తగువుకి పనికొస్తాదేమో సూసుకోండి.

ఇచ్ఛాపురం బావ
పనికొస్తుంది బాబూ, బాగా పనికొస్తుంది. తాతగారు నా పార్టీ.

గోపాల్‌పూర్ కోడలు
తాతగారు ఇంటి దాకా సాప ఎత్తే వచ్చారండీ. చివరి వంద గజాల్లో దించారు. సగం మాట తీసుకుని పారిపోకండి.

ఛత్రపూర్ మాస్టారు
మనవడు చెప్పిన బందు రోజుల్లోనే ఇంకో ప్రమాదం ఉంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం కాలబైశాఖి (ఉరుములతో విరుచుకుపడే గాలివాన) వస్తుంది. మధ్యాహ్నమంతా నైరుతి చక్కగా వీచి, పడమర వాయవ్యం మూల నల్లబడి, పావుగంటలో గాలి అటునుంచి తిరగబడుతుంది. అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి. అప్పుడు గాలివాటంగా పోతే తేలేది గోపాల్‌పూర్‌లో కాదు. మూడు గంటలకల్లా ఇసుక మీద ఉండాలి. ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) వాళ్లు హైదరాబాద్ నుంచి తీరానికి కెరటాల ఎత్తూ, సెకన్లూ, దిక్కూ సూచన ఇస్తారు. ముందు సెకన్లు చూడండి, ఎత్తు తర్వాత.

గోపాల్‌పూర్ దాటి ఋషికుల్య మొగ వైపు మాత్రం పోవద్దు. నవంబరు నుంచి మే దాకా అది తాబేళ్ల చోటు, వేటకే నిషేధం ఉంది. 15 నాట్లతో వచ్చే ఫాయిల్ రెక్కకి నీటిపైన తేలే ఆలివ్ రిడ్లే తాబేలు తగిలితే ఎవరికీ మంచిది కాదు. గోపాల్‌పూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ వాళ్ల కాల్పులుంటాయి, నోటీసు ఉన్న రోజున ఆ సముద్రంలో దిగకూడదు. నవ్వకండి, మా శిష్యుడొకడు ఎర్ర జెండా చూసి పండగ తోరణం అనుకున్నాడు.

పలాస కుర్రాడు
ఇన్ని ఉంటే బరంపురం బస్సెక్కొచ్చు కదండీ.

బరంపురం గాలోడు
కుర్రాడూ, నువ్వు ఎక్కు.

సరే, నా వాదన మారుస్తున్నా. కెరటం మీద ఉన్న అర నిమిషం వింగ్‌దే పైచేయి, ఒప్పుకున్నా. కానీ గాలి పడిపోయిన రోజు? నా బోర్డు ఘనపరిమాణం 130 లీటర్లు, మునగదు, మీద నిలబడొచ్చు. ఎనిమిది నాట్ల గాలిలో ఫాయిల్ లేవకపోయినా, సెయిల్ ఎత్తుకుని మామూలు పడవలా నెమ్మదిగా ఒడ్డుకి కోసుకురావచ్చు. వింగ్‌తో మోకాళ్ల మీద కూర్చుని ఎంతసేపు?

ఇచ్ఛాపురం బావ
మోకాళ్ల మీద నేనూ వచ్చాను, వస్తుంది. నువ్వన్నంత సుఖం లేదు, అదీ నిజమే. మరి ఒడ్డు కెరటాల్లో? గోపాల్‌పూర్‌లో వర్షాకాలం ముందు నుంచే ఒడ్డు కెరటం నిలువునా కూలుతుంది. బోర్డు, ఫాయిల్, నాలుగు మీటర్ల మాస్టు, సెయిల్ అన్నీ పట్టుకుని అందులోంచి నడిచి రా, చూస్తా. నేను వింగ్ చుట్టేసి చంకలో పెట్టుకుని బోర్డు మీద పడుకుని వస్తా.

గోపాల్‌పూర్ కోడలు
దీనికి నా దగ్గర జవాబు లేదు. ఫాయిల్‌కి అడుగున మీటరు పైన నీళ్లు కావాలి, మన ఒడ్డు కెరటం కూలేది అంతకంటే తక్కువ లోతులో. నేను దూరంగానే దిగిపోయి, బోర్డు తిరగేసి, ఫాయిల్ పైకి పెట్టి, సెయిల్ వెనక ఈడ్చుకుంటూ రెండు కెరటాల మధ్య ఈదుకొస్తాను. ఓసారి మాస్టు విరిగింది. నేనిప్పటికీ సెయిలే వాడతాను. ఎందుకంటే కెరటం చావబోయేటప్పుడు నడుముకి కొక్కెం తగిలించుకుని ఒళ్లంతా వేసి లాగితే వచ్చే ఆ పట్టు వింగ్‌తో నాకు ఎప్పుడూ రాలేదు. చేతుల బలం తక్కువున్న మనిషిని కూడా. ఇది లెక్క కాదు, నా ఒంటి సంగతి.

తెప్పోళ్ల మనవడు
గాలోడు అన్నా, ఎళ్లేటప్పుడు ముందురోజు సెప్పు. ఒలలెక్కడేసారో మా చిన్నాన్న సూపిస్తాడు. బందు ముందే రా, పడవ ఉంటాది. డీజిల్ నీది.

బరంపురం గాలోడు
పదకొండు రోజుల తర్వాత రాస్తున్నా. నిన్న దిగాం. మనవడి చిన్నాన్న పడవ ఒడ్డు వైపు, నేను బయటివైపు. 1100 రెక్క (అక్క అరువిచ్చింది), 4.7 సెయిల్. గోపాల్‌పూర్ దాకా పోలేదు, ఆరు కిలోమీటర్లకే చేతులు పోయాయి. మొదటి అరగంటలో తొమ్మిదిసార్లు పడ్డా, తొమ్మిదిసార్లూ అక్క చెప్పినట్టే ముక్కు లేచి. పదోసారి బరువు ముందే వేశా. సెయిల్ తెరుచుకుంది, చేతుల్లో ఏమీ లేదు, చప్పుడు కూడా పోయింది, కాళ్ల కింద నీళ్లు మాత్రం నెడుతున్నాయి. అది అణగగానే పక్కకి తిప్పా, గాలి తగిలింది, ఇంకోటి దొరికింది. అలా మూడు.

ఇచ్ఛాపురం బావ
మూడేనా?

బరంపురం గాలోడు
మూడు బావా. చిన్నాన్న లెక్కపెట్టాడు. ఆయన నాలుగన్నాడుగానీ నాలుగోది నేను పడుతూ పోయింది.

తెప్పోళ్ల మనవడు
డీజిల్ డబ్బులు ఇంకా రాలేదన్నా.