చేనేత సహకార సంఘంలో సభ్యత్వం: మగ్గానికా, పనికా?

పడుగుపేక (చర్చ ప్రారంభం)

మాది యాదాద్రి భువనగిరి జిల్లాలో ఇక్కత్ (నూలుకు ముందే నమూనా ప్రకారం కట్లు కట్టి రంగులద్ది నేసే బట్ట) నేసే ఒక ఊరు. మా సంఘంలో ఇప్పటివరకు ఒక మగ్గానికి ఒకరే సభ్యులు, ఆ ఒక్కరు దాదాపు ఎప్పుడూ ఇంటి యజమానే. ఆసు పోసేవారికి (పేక, అంటే అడ్డనూలును కొయ్యల చుట్టూ వరుసగా చుట్టేవారికి), చిటికీలు కట్టేవారికి (రంగు అంటకూడని చోట నూలుకు కట్లు వేసేవారికి), కండెలు చుట్టేవారికి (నాడెలో పెట్టే చిన్న గొట్టాలకు నూలు చుట్టేవారికి) కూడా విడిగా వాటా కట్టించుకుని సభ్యత్వం ఇవ్వాలని ఈసారి మహాజన సభకు ఒక ప్రతిపాదన వచ్చింది. నేను మగ్గం నేస్తాను, మా ఇంట్లో ఆ మిగతా పనులన్నీ చేసేది నా భార్య, అయినా ఏ వైపు చేయెత్తాలో తేల్చుకోలేకపోతున్నాను. సంఘాల పని తెలిసినవారు కారణాలతో సహా చెప్పాలని కోరుతున్నాను.

పాత పాలకవర్గం

నేను వ్యతిరేకిస్తాను. ఆడవారి పని తక్కువని నేను అనడం లేదు, సంఘం నడిచే పద్ధతిని బట్టి చెబుతున్నాను. సంఘం నూలు ఇచ్చేది మగ్గానికి, బట్ట తీసుకునేది మగ్గం నుంచి, మజూరీ, అంటే కూలి, లెక్కగట్టేది ఆ బట్ట మీద. సభ్యుడంటే సంఘం పని చూపించవలసిన మనిషి. ఉన్న మగ్గాలకే ఏడాది పొడవునా నూలు అందించలేని సంఘం, ఇంటికి ముగ్గురిని చేర్చుకుని ఆ ముగ్గురికీ ఏమి చూపిస్తుంది? 1964 నాటి సహకార చట్టం ప్రకారం సభ్యులందరికీ ఒక్కొక్క ఓటే కనుక, పెద్ద కుటుంబం ఉన్నవారి చేతుల్లోకి పాలకవర్గం వెళ్లిపోయే ప్రమాదమూ ఉంది. మగ్గం లేనివారి పేర్లు జాబితాల్లోకి ఎక్కి, బోగస్ సంఘాలు, చేనేత బట్టల అమ్మకం మీద ప్రభుత్వం భరించే రిబేటు (తగ్గింపు) సొమ్ము తిన్న రోజులను మన తరం చూసింది. మగ్గాలకు జియో ట్యాగింగ్ చేసి నంబర్లు వేయవలసి వచ్చింది కూడా అందుకే. మగ్గాన్ని లెక్కపెట్టవచ్చు, కండెలు చుట్టే చేతులను ఎవరు లెక్కపెడతారు?

ఆసుకొయ్య

పాలకవర్గంలో పనిచేసిన పెద్దలు అడిగిన ఆ చివరి ప్రశ్నకు జవాబు ఉంది. చేనేత గణన లెక్కపెట్టింది. 2019-20లో జరిగిన నాలుగో అఖిల భారత గణన, దేశంలో సుమారు 26.7 లక్షల మంది నేతకార్మికులతో పాటు 8.5 లక్షల మంది అనుబంధ కార్మికులను (కండెలు చుట్టడం వంటి నేతకు తోడు పనులు చేసేవారిని) విడిగా నమోదు చేసింది. ప్రభుత్వానికి సాధ్యమైన లెక్క, ఊళ్లో అందరి ముఖాలూ తెలిసిన సంఘానికి సాధ్యం కాదా?

ఆసు సంగతి నేను చేసిన పని కనుక చెబుతాను. ఒక్క చీర పేకకు ఆసు పోయాలంటే కొయ్యల చుట్టూ దాదాపు తొమ్మిది వేల సార్లు చేయి ఆడించాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తన తల్లి భుజం నొప్పిని చూడలేక ఏళ్లపాటు శ్రమించి 1999లో ఆసు యంత్రాన్ని తయారు చేశారు. దానికే 2017లో పద్మశ్రీ వచ్చింది. దేశం పద్మశ్రీ ఇచ్చి గుర్తించిన ఆ కష్టానికి మన సంఘం రిజిస్టరులో ఇప్పటికీ ఒక గడి లేదు. ఆ పని జరగకపోతే ఇక్కత్ రంగులు పేకలో తమ చోట పడవు, మగ్గం మీద కూర్చున్నవారి నైపుణ్యం ఎంతటిదైనా నమూనా తేలదు.

సభ్యత్వం అంటే ఓటు ఒక్కటే కాదని కూడా గుర్తుంచుకోవాలి. తెలంగాణలో 2017లో మొదలైన నేతన్నకు చేయూత పొదుపు పథకంలో కార్మికుడు మజూరీ నుంచి 8 శాతం కడితే ప్రభుత్వం 16 శాతం జమ చేసింది, అందులో అనుబంధ కార్మికులకూ చోటిచ్చారు. అదే ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన నేతన్న నేస్తం కింద ఏడాదికి రూ. 24,000 అందింది సొంత మగ్గం ఉన్న కుటుంబానికి మాత్రమే. అద్దె మగ్గం మీద నేసినవారికి, ఊళ్లో కండెలు చుట్టి బతికిన ఒంటరి స్త్రీకి ఏమీ దక్కలేదు. మగ్గాన్నే కొలతగా పెట్టుకుంటే ఎవరు జారిపోతారో ఇంతకంటే వివరించనక్కరలేదు.

చీరాల నేత

మీ వాదం మాకు కొంత విలాసంగా కనిపిస్తుంది, క్షమించండి. ఇక్కడ చాలామంది సభ్యత్వం కాగితం మీదే ఉంది. నూలు, మజూరీ రెండూ షావుకారు నుంచే వస్తాయి. ముందు సంఘానికి పని తీసుకురండి, ఎవరిని చేర్చుకోవాలన్నది ఆ తరువాత చూడవచ్చు.

శాసనాలు చదివేవాడు

వృత్తి సంఘాల్లో ప్రవేశం గురించిన తగవు మనకు కొత్తది కాదు. బెజవాడ ప్రాంతపు తెలికి వేవురికి (గానుగ ఆడి నూనె తీసే కులంవారి వెయ్యి కుటుంబాల సమూహానికి) పదకొండో శతాబ్దపు టేకి తామ్రశాసనం ఇచ్చిన గౌరవం, పెళ్లిలో వధూవరులు గుర్రమెక్కి రాజవీధిలో ఊరేగే హక్కు, ఆ కులంలో పుట్టినందుకు దక్కింది గాని గానుగ దగ్గర కష్టపడినందుకు కాదు. సహకార సంఘం ఆ పద్ధతికి భిన్నంగా, పనిని బట్టి మనిషిని చేర్చుకోవడానికి పుట్టింది. మగ్గం తండ్రి నుంచి కొడుకుకే వెళుతున్న ఊళ్లలో మగ్గానికి సభ్యత్వం ఇవ్వడమంటే, దొడ్డిదారిన మళ్లీ పుట్టుకకే ఇవ్వడం కాదా?

పాత పాలకవర్గం

పుట్టుక మాట నేను ఎత్తలేదు. అయినా ఒక మధ్యేమార్గానికి నేను సిద్ధమే. సంఘం మజూరీని ఇంటి పేరున కాక పనివారీగా విడగొట్టి, ఆసుకు ఇంత, చిటికికి ఇంత, నేతకు ఇంత అని చేసినవారి పేరునే వారి బ్యాంకు ఖాతాలో వేయాలి. అలా ఏడాదిపాటు మజూరీ పుస్తకంలో పేరున్నవారికి సభ్యత్వం ఇస్తే బోగస్ భయం చాలావరకు పోతుంది. అయితే దీనికి ఎంతమంది మగవాళ్లు ఒప్పుకుంటారో నాకు అనుమానమే. ఓటు పంచుకోవడానికి చేయెత్తేవారు కూడా మజూరీ పంచుకునే వేళకు చేయి దించుతారు.

ఆసుకొయ్య

ఆ షరతు నాకు సమ్మతమే, నిజానికి ఓటు కంటే ముందు కావలసింది అదే. బైలా (సంఘం నియమావళి) సవరణ ముసాయిదాలో సభ్యత్వాన్ని, మజూరీ విభజనను ఒకే తీర్మానంగా పెట్టండి, విడదీస్తే సభ్యత్వం నెగ్గి మజూరీ విభజన మూలన పడుతుంది.

పడుగుపేక

మజూరీ పుస్తకం షరతుతో ముసాయిదా రాస్తున్నాను. ఒక చిక్కు మిగిలింది. మా ఊళ్లో ఒకాయన ఆసు యంత్రం పెట్టుకుని అనేక ఇళ్లకు కూలికి ఆసు పోస్తారు. ఆయనకు మగ్గం లేదు, కూలి ఇచ్చేది ఆ ఇళ్లవారే కనుక సంఘం పుస్తకంలో ఆయన పేరు పడే దారీ లేదు. ఆయన కార్మికుడా, లేక యంత్రం పెట్టుబడిగా గల వ్యాపారా? ఆయనను చేర్చుకోవాలంటే ఆ కూలి కూడా సంఘమే నేరుగా చెల్లించాలని రాయవలసి వస్తుంది. అలా చేసిన సంఘం ఏదైనా మీ ఎరుకలో ఉంటే, నియమాన్ని ఎలా రాసుకున్నారో తెలియజేయండి.