83 మ్యాచులు, 13 కోట్ల డాలర్లు: శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు అంత డబ్బు ఎలా వచ్చింది?

పదిగజాలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు శామ్ బ్రాడ్‌ఫర్డ్ గురించి ఒక సందేహం చాలాకాలంగా నన్ను వదలడం లేదు. 2010 డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లను లీగు జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) సెయింట్ లూయిస్ రామ్స్ జట్టు అందరికంటే ముందుగా ఎంచుకున్న ఈ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపించేవాడు), 2018 వరకు నాలుగు జట్ల తరఫున 83 మ్యాచులలో ఆరంభం నుంచి బరిలోకి దిగాడు. వాటిలో 34 గెలిచాడు, 48 ఓడిపోయాడు, ఒకటి టై అయింది. సీజన్ చివరి నాకౌట్ మ్యాచులైన ప్లేఆఫ్స్‌లో ఒక్క బంతి కూడా విసరలేదు, మేటి ఆటగాళ్ల మ్యాచ్ అయిన ప్రో బౌల్‌కు ఒక్కసారి కూడా ఎంపిక కాలేదు. అయినా అతని ఆటజీవితపు మొత్తం ఆదాయం సుమారు 13 కోట్ల డాలర్లని ఎక్కడ చూసినా కనిపిస్తోంది.

ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగు) ఒప్పందాలు కాగితం మీద ఎంత పెద్దవిగా కనబడినా వాటిలో చాలా భాగానికి గ్యారంటీ ఉండదని, జట్టు తలచుకుంటే ఆటగాడిని ఎప్పుడైనా వదిలించుకోవచ్చని మనమందరం విన్నదే. అటువంటప్పుడు రెండుసార్లు మోకాలి లిగమెంట్ తెగిపోయి, ఒక సీజన్ మొత్తానికి మైదానంలోకే రాని ఆటగాడికి ఇంత డబ్బు ఎలా ముట్టింది? ఇందులో అతని చేతికి నిజంగా ఎంత మిగిలి ఉంటుంది? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను. అతన్ని తక్కువ చేయాలన్న ఉద్దేశం నాకు ఏమాత్రం లేదు. లెక్క అర్థం కావాలన్నదే నా ఆరాటం.

ఖాతాపుస్తకం

మంచి ప్రశ్న వేశారు. ఈ లెక్క తేలాలంటే ముందుగా 2010 అనే సంవత్సరాన్ని పట్టుకోవాలి, ఎందుకంటే అతని అదృష్టంలో పెద్ద వాటా ఆ సంవత్సరానిదే.

అప్పట్లో డ్రాఫ్ట్‌లో వచ్చిన కొత్త ఆటగాళ్ల జీతాలకు ఇప్పటిలా నిర్ణీతమైన పట్టిక లేదు. మొదటి స్థానంలో ఎంపికైనవాడి ఏజెంటు, కిందటి ఏడాది మొదటివాడికి ఎంత వచ్చిందో చూసి, దానికంటే పైకి బేరం పెట్టేవాడు. 2009లో డెట్రాయిట్ లయన్స్ మాథ్యూ స్టాఫర్డ్‌కు 4 కోట్ల 17 లక్షల డాలర్లకు గ్యారంటీ ఇచ్చింది. మరుసటి ఏడాది బ్రాడ్‌ఫర్డ్ దగ్గరికి వచ్చేసరికి ఆ అంకె 5 కోట్లకు చేరింది. ఆరేళ్లకు మొత్తం ఒప్పందం 7 కోట్ల 80 లక్షలు. వృత్తిపరమైన ఆటలో ఒక్క పాస్ కూడా విసరని యువకుడికి, పదేళ్లుగా దెబ్బలు తింటూ ఆడుతున్న సీనియర్లకు కూడా దక్కనంత గ్యారంటీ దక్కింది. ఇది యజమానులకూ నచ్చలేదు, సీనియర్ ఆటగాళ్లకూ నచ్చలేదు. 2011 జులైలో, యజమానులు ఆట నిలిపివేసిన లాకౌట్ ముగిసి, లీగుకూ ఆటగాళ్ల సంఘానికీ కొత్త ఒప్పందం కుదిరినప్పుడు, కొత్తవారి జీతాలకు గట్టి పరిమితి పడింది. ఆ ఏడాది మొదటి స్థానంలో వచ్చిన కామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు 2 కోట్ల 20 లక్షలు మాత్రమే వచ్చాయి. అంటే బ్రాడ్‌ఫర్డ్ పాత పద్ధతి తలుపు మూసుకునే ముందు లోపలికి అడుగుపెట్టిన చివరి మొదటి ఎంపిక.

అతను 2009లోనే డ్రాఫ్ట్‌కు వెళ్లగలిగి ఉండేవాడు. 2008లో ఓక్లహోమా విశ్వవిద్యాలయం తరఫున స్కోరు తెచ్చే టచ్‌డౌన్ పాసులు 50 విసిరి, కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. అయినా కాలేజీలోనే మరో ఏడాది ఉండి, మొదటి మ్యాచ్‌లోనే విసిరే చేతి భుజానికి గాయం చేసుకున్నాడు. ఆ గాయం అతని భవిష్యత్తునే మింగేసేది. కాని శస్త్రచికిత్స ఫలించింది, రామ్స్ వైద్యులు తృప్తిపడ్డారు, ఆలస్యమైన ఆ ఒక్క ఏడాదే అతన్ని అన్నిటికంటే పెద్ద ఒప్పందం దగ్గర నిలబెట్టింది.

ఇక గ్యారంటీ సంగతి. మీరు విన్నది నిజమే, కాని అందులో రెండు మినహాయింపులు ఉన్నాయి. సంతకం చేసినందుకు సైనింగ్ బోనస్‌గా ఇచ్చినదాన్ని, గ్యారంటీ అని రాసినదాన్ని జట్టు మామూలుగా వెనక్కి తీసుకోలేదు. రెండవది, ఆడుతూ గాయపడినవాడికి ఆ సీజన్ జీతం ఎగ్గొట్టడం కుదరదు. 2014 ఆగస్టులో క్లీవ్‌లాండ్‌తో సన్నాహక మ్యాచ్‌లో బ్రాడ్‌ఫర్డ్ ఎడమ మోకాలు రెండవసారి దెబ్బతిన్నప్పుడు ఆ సీజన్ ఇంకా మొదలే కాలేదు, అయినా ఆ ఏడాది జీతం అతనికి అందింది. ఆ విధంగా ఐదేళ్లలో రామ్స్ నుంచి సుమారు 6 కోట్ల 50 లక్షలు, ఆరో ఏడాదికి అతన్ని తీసుకున్న ఫిలడెల్ఫియా ఈగల్స్ నుంచి సుమారు 1 కోటి 30 లక్షలు వచ్చి మొదటి ఒప్పందం పూర్తిగా తీరింది. 

2016 మార్చిలో ఈగల్స్ రాసిన రెండేళ్ల ఒప్పందం కింద 3 కోట్ల 60 లక్షలు. ఆ ఏడాదే అతను మిన్నెసోటా వైకింగ్స్‌కు మారినా ఆ ఒప్పందమే కొనసాగింది. 2018లో అరిజోనా కార్డినల్స్ ఒక ఏడాదికి 2 కోట్లు ఇస్తామంది, కాని అందులో గ్యారంటీ 1 కోటి 50 లక్షలే. మిగతా 50 లక్షలను 16 మ్యాచులకు పంచి, ఆ రోజు ఆడే జాబితాలో పేరు ఉంటేనే మ్యాచ్‌కు 3,12,500 డాలర్ల చొప్పున ఇచ్చే ఏర్పాటు చేశారు. మూడు మ్యాచుల తరువాత అతని స్థానంలో కొత్త కుర్రాడు జాష్ రోజెన్ వచ్చాడు. ఆపైన బ్రాడ్‌ఫర్డ్‌ను జాబితాలోనే చేర్చలేదు. గాయమేమీ లేని మనిషి మామూలు బట్టల్లో మైదానం అంచున నిలబడ్డ ప్రతి వారం జట్టుకు 3,12,500 డాలర్లు మిగిలాయి. నవంబరులో అతన్ని వదిలేశారు.

ఇప్పుడు కూడి చూడండి. మొదటి ఒప్పందం 7 కోట్ల 80 లక్షలు, రెండవది 3 కోట్ల 60 లక్షలు, అరిజోనాలో సుమారు 1 కోటి 59 లక్షలు. మొత్తం 13 కోట్లకు కొద్దిగా తక్కువ. ఆరంభించిన మ్యాచ్ ఒక్కింటికి సగటున 15 లక్షల డాలర్లకు పైమాట.

ఆదివారంఆట

ఖాతాపుస్తకం గారి లెక్కలో తప్పేమీ లేదు. అయితే ఆ లెక్క ఒక్కటే చదివినవారికి బ్రాడ్‌ఫర్డ్ ఆడకుండా డబ్బు తీసుకున్న మనిషిగా మిగిలిపోతాడేమోనని నాకు బాధగా ఉంది. అతని మ్యాచులు సెయింట్ లూయిస్ రోజుల నుంచి చూస్తున్నవాడిగా కొన్ని విషయాలు చెప్పాలి.

అతను వచ్చేముందు సీజన్‌లో రామ్స్ 16 మ్యాచులలో ఒక్కటే గెలిచింది. అతను వచ్చిన ఏడాది ఏడు గెలిచి, చివరి మ్యాచ్ దాకా డివిజన్ (లీగులో నాలుగు జట్ల విభాగం) టైటిల్ పోటీలో నిలిచింది. ఆ సీజన్‌లో అతను పూర్తి చేసిన 354 పాసులు అప్పటికి కొత్త ఆటగాళ్లలో రికార్డు. 2013 అక్టోబరులో కరోలినాలో జరిగినది మరచిపోలేను. పరుగెత్తుతూ మైదానం పక్క గీత దాటుతున్నాడు, ప్రత్యర్థి చేయి తగిలి చిన్న నెట్టుడు పడింది, ఎడమ కాలు నేలమీద ఆని ఒక్కసారిగా మడతపడింది. దొమ్మీలో నలిగిపోలేదు, ఎవరూ మీద పడలేదు, గీత దాటే చివరి అడుగులో అలా జరిగింది. అప్పటికి ఏడు మ్యాచులలో 14 టచ్‌డౌన్లు విసిరి ఉన్నాడు.

2017 సెప్టెంబరు 11న మిన్నెసోటా వైకింగ్స్ తరఫున న్యూ ఆర్లీన్స్ మీద ఆడిన మ్యాచ్ చూసినవారికి ఈ ప్రశ్నకు సగం సమాధానం దొరుకుతుంది. 32 పాసులలో 27 పూర్తి, 346 గజాలు, మూడు టచ్‌డౌన్లు. బంతి అతని చేతి నుంచి వెళ్లే తీరు లీగులో చాలా కొద్దిమందికే ఉంటుంది. బంతి అందుకునే రిసీవర్ వెనక్కి తిరగకముందే బంతి గాలిలో ఉండేది, తిరిగేసరికి ఛాతీ దగ్గరికి వచ్చేది. అంతకు ముందు సీజన్‌లోనే 71.6 శాతం పాసులు పూర్తి చేసి అప్పటి లీగు రికార్డు నెలకొల్పాడు. ఈ చేతిని చూసే జట్లు డబ్బు ఇచ్చాయి.

ఆ మ్యాచ్ ముగిశాక మళ్లీ అదే మోకాలు. నాలుగు వారాల తరువాత షికాగోలో బరిలోకి దిగాడు కాని కాలు కదపలేకపోయాడు. వెనక్కి అడుగులు వేయడంలోనే కుంటు కనబడింది. తన జట్టు వైపు చివరి ప్రాంతమైన ఎండ్‌జోన్‌లోనే పట్టుబడి సేఫ్టీ (ప్రత్యర్థికి రెండు పాయింట్లు) ఇచ్చాడు, మొదటి సగంలో నాలుగుసార్లు కిందపడ్డాడు. 11 పాసులలో ఐదే పూర్తయ్యాయి. విరామానికి ముందే అతని బదులు కేస్ కీనమ్ లోపలికి వచ్చాడు, ఆ జట్టు కీనమ్‌తోనే లీగు ఫైనల్‌కు ముందు మెట్టయిన కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్లింది. బ్రాడ్‌ఫర్డ్‌కు ఆ ఏడాది రెండు మ్యాచులే. మరుసటి ఏడాది, 30 ఏళ్లకే ఆట ముగిసింది. ఎంత డబ్బు వచ్చినా ఆ వయసులో ఆ మోకాలితో ఇంటికి వెళ్లినవాడిని అదృష్టవంతుడని నేను అనలేను.

చివరిక్వార్టర్

చేతికి ఎంత మిగిలి ఉంటుందని అడిగారు కనుక ఆ భాగం మాత్రం చెబుతాను. అతని సొంత ఖాతా ఎవరికీ తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. చట్టంలో ఉన్న రేట్లు మాత్రం అందరికీ ఒకటే.

అతని మొదటి ఏడాదుల్లో ఫెడరల్ ఆదాయపు పన్ను పై శ్లాబు 35 శాతం, 2013 నుంచి 2017 వరకు 39.6 శాతం. దానికి తోడు రాష్ట్రాల పన్ను. క్రీడాకారుల విషయంలో ఇది సొంత రాష్ట్రంతో ఆగదు, మ్యాచ్ ఆడడానికి వెళ్లిన రాష్ట్రాలలో ఆదాయపు పన్ను ఉన్న ప్రతిదీ అక్కడ గడిపిన పనిదినాల నిష్పత్తిలో తన వాటా అడుగుతుంది. సెయింట్ లూయిస్ నగరం సంపాదన మీద విడిగా ఒక శాతం వసూలు చేస్తుంది. మిన్నెసోటాలో పై శ్లాబు 9.85 శాతం. ఒప్పందం మీద ఏజెంటుకు ఆటగాళ్ల సంఘం అనుమతించిన గరిష్ఠ రుసుము 3 శాతం. ఇవన్నీ తీసేస్తే డాలరులో సగానికి అటూ ఇటూ మిగులుతుందని అనుకోవచ్చు. అది కూడా చాలా పెద్ద మొత్తమే.

అయితే బ్రాడ్‌ఫర్డ్‌ను చూసి ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లందరి సంపాదన ఇంతేనని అనుకోవద్దని మనవి. ప్రతి జట్టు జాబితాలో 53 మంది ఉంటారు. 2010లో కొత్త ఆటగాడి కనీస వార్షిక జీతం 3,25,000 డాలర్లు, అంటే బ్రాడ్‌ఫర్డ్ ఒక్క మ్యాచ్ సగటులో దాదాపు ఐదో వంతు. పింఛను హక్కు రావాలంటే మూడు సీజన్లు లెక్కకు రావాలి, చాలామంది అక్కడిదాకా వెళ్లకుండానే బయటపడతారు. 1996 నుంచి 2003 వరకు డ్రాఫ్ట్ అయిన ఆటగాళ్ల మీద అమెరికా ఆర్థిక పరిశోధకులు 2015లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఆట మానేసిన 12 ఏళ్లలోపు దాదాపు 16 శాతం మంది దివాలా పిటిషన్ వేశారు. ఎక్కువ సంపాదించినవారికీ, ఎక్కువకాలం ఆడినవారికీ ఈ ప్రమాదం పెద్దగా తగ్గలేదని కూడా అందులో తేలింది. నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన విషయం అదే. పాతికేళ్ల వయసులో మూడు నాలుగేళ్లు కురిసిన డబ్బును యాభై ఏళ్లు నిలబెట్టుకోవడం ఎలాగో ఆ కుర్రవాళ్లకు ఆటతో పాటే నేర్పాలి.

పదిగజాలు

ముగ్గురికీ కృతజ్ఞతలు. మొదటి ఒప్పందం సంగతి ఇప్పుడు బాగా అర్థమైంది. ఇంకొక్కటే మిగిలింది. 2016లో ఈగల్స్ అతనికి అంత డబ్బు రాసి ఇచ్చి, వెంటనే డ్రాఫ్ట్‌లో రెండవ స్థానానికి ఎగబాకి మరో క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్‌ను ఎందుకు తెచ్చుకుంది? ఆ డబ్బు వృథా అయినట్టే కదా?

ఖాతాపుస్తకం

అప్పట్లో చాలామంది అలాగే అనుకున్నారు. బ్రాడ్‌ఫర్డ్‌కు కూడా మనసు కష్టమై, తనను వేరే జట్టుకు పంపమని ఏజెంటు ద్వారా అడిగించాడు, సుమారు రెండు వారాలు సాధనకు రాలేదు. కాని ఆ ఖర్చు వృథా కాలేదు.

2016 ఆగస్టు చివర మిన్నెసోటా సాధనలో ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ టెడ్డీ బ్రిడ్జ్‌వాటర్ మోకాలు ఘోరంగా దెబ్బతిన్నది. సీజన్‌కు రెండు వారాలు కూడా లేవు, జట్టేమో గెలవగల జట్టు, బయట మంచి క్వార్టర్‌బ్యాక్ ఒక్కడూ ఖాళీగా లేడు. సెప్టెంబరు 3న వైకింగ్స్ 2017 డ్రాఫ్ట్‌లో తన మొదటి రౌండు ఎంపిక హక్కును, 2018లో మరొక ఎంపికను ఇచ్చి బ్రాడ్‌ఫర్డ్‌ను తీసుకుంది. ఒప్పందంలోని 1 కోటి 10 లక్షల సైనింగ్ బోనస్ అప్పటికే ఈగల్స్ ఖర్చులో పడిపోయింది కనుక, ఆ ఏడాదికి వైకింగ్స్ ఇవ్వవలసిన జీతం 70 లక్షలే. మరో మాటలో, ఈగల్స్ 1 కోటి 10 లక్షలు పెట్టి మొదటి రౌండు ఎంపికను కొనుక్కుంది.

ఆ ఎంపికతో ఈగల్స్ తెచ్చుకున్న ఆటగాడు డెరెక్ బార్నెట్. 2018 ఫిబ్రవరి 4న మిన్నియాపొలిస్‌లో, వైకింగ్స్ సొంత స్టేడియంలోనే జరిగిన లీగు ఫైనల్ సూపర్ బౌల్‌లో చివరి నిమిషాల్లో ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ చేతి నుంచి ఈగల్స్ ఆటగాడు బ్రాండన్ గ్రాహమ్ బంతిని తట్టేసినప్పుడు, అది వచ్చి పడింది బార్నెట్ చేతుల్లో. ఆ రోజు ఈగల్స్‌ను గెలిపించిన క్వార్టర్‌బ్యాక్ నిక్ ఫోల్స్. 2015లో బ్రాడ్‌ఫర్డ్‌ను తెచ్చుకోవడానికి ఈగల్స్ రామ్స్‌కు ఇచ్చిన ఆటగాడు, మళ్లీ తిరిగి వచ్చినవాడు, ఆ ఫోల్సే.