చిగురు తగ్గి వేరు బయటపడితే: పిన్‌హోల్, టనెల్, పీఆర్‌ఎఫ్, లేజర్... ఏది ఎవరికి?

అడ్డగుట్ట_చౌరస్తా:
మాదాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా డెంటల్ క్లినిక్ బోర్డుల మీద ఇప్పుడు ఒకటే మాట: కోత లేదు, కుట్లు లేవు, ఒక్క సిట్టింగ్‌లో చిగుళ్లు మామూలైపోతాయి. ఒకరు పిన్‌హోల్ అంటారు, ఒకరు లేజర్ అంటారు, ఇంకొకరు మీ రక్తంతోనే పీఆర్‌ఎఫ్ అనే పొర చేసి పెడతామంటారు. వీటిలో ఏది ఎలాంటి చిగురుకి పనిచేస్తుంది, ఎక్కడ దెబ్బతింటుంది, పని తెలిసినవాళ్లు విడమరిచి రాయండి. ‘మంచి డాక్టర్ని కలవండి’ లాంటి జవాబులు వద్దు, అది మాకూ తెలుసు.

వేరుపట్టు:
పద్ధతి పేరు పట్టుకుని మొదలుపెడితే దారి తప్పుతాం. ముందు చూడాల్సింది పళ్ల సందులో ఎముక. చిగురు పన్ను ముందువైపే తగ్గి, రెండు పళ్ల మధ్య మొనదేలిన చిగురు నిండుగా ఉంటే దాన్ని ఆర్‌టీ1 (రిసెషన్ టైప్ 1) అంటారు. సందులో కూడా పట్టు కొంత పోయి, ఆ నష్టం ముందువైపు నష్టాన్ని మించకపోతే ఆర్‌టీ2. మించితే ఆర్‌టీ3. ఇది 2011లో ఇటలీకి చెందిన కైరో బృందం ఇచ్చిన వర్గీకరణ. అంతకుముందు 1985 నాటి మిల్లర్ క్లాసులు వాడేవారు, పాత కేసు షీట్లలో ఇప్పటికీ అవే కనిపిస్తాయి.

ఆర్‌టీ1లో వేరు పూర్తిగా కప్పుకుంటుందని ఆశించొచ్చు. ఆర్‌టీ2లో చాలావరకు సగమో ముప్పావో కప్పుకుంటుంది. ఆర్‌టీ3లో పూర్తిగా కప్పుతామని ఎవరైనా మాటిస్తే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. కొత్త చిగురుకి రక్తం అందేది పక్కనున్న ఎముక నుంచి, సందు చిగురు నుంచి. ఆ రెండూ లేనప్పుడు పిన్‌హోల్ అయినా పెద్ద కోత అయినా ఫలితం ఒకటే.

రెండోది మందం. చిగురు, పన్ను కలిసేచోట ఉండే సన్నటి చీలికలోకి ప్రోబ్ (లోతు కొలిచే పుల్లలాంటి పరికరం) పెట్టినప్పుడు దాని బూడిదరంగు బయటికి కనిపిస్తే పల్చటి చిగురని అర్థం. పల్చటి చిగురుని ఉన్నదున్నట్టు లాగి కుడితే కొన్నాళ్లకి మళ్లీ జారిపోతుంది. అడుగున ఏదో ఒకటి పెట్టి మందం పెంచాలి. ఆ ‘ఏదో ఒకటి’ ఏమిటన్నదే ఈ చర్చకంతా మూలం.

ఉప్పుగల్లు:
అంతకన్నా ముందు ఒక మాట. తగ్గిన ప్రతి చిగురుకీ ఆపరేషన్ అక్కర్లేదు. ఒక మిల్లీమీటరు తగ్గి, ఏళ్ల తరబడి అలాగే ఉండి, జివ్వుమనకుండా, చూడటానికీ ఇబ్బంది లేకపోతే కొలిచి రాసుకోవాలి, ఫోటో తీసి పెట్టుకోవాలి, ఆరు నెలలకోసారి పోల్చుకోవాలి. అంతే. జివ్వుమనడమే బాధ అయితే 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు నాలుగు వారాలు రోజూ రెండుపూటలా వాడాలి, లేదా క్లినిక్‌లో 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్ పూయించుకోవాలి. నైట్రేట్ పేస్టు రెండు రోజులు వాడి పనిచేయలేదని పారేస్తుంటారు. అది నరం మీద నెమ్మదిగా పనిచేసే మందు, రెండు రోజులకి ఏమీ తెలియదు.

కుట్టుదారం:
పిన్‌హోల్ గురించి రాస్తాను. కాలిఫోర్నియాకి చెందిన జాన్ చావో 2012లో పత్రిక ద్వారా వెలుగులోకి తెచ్చిన పద్ధతి ఇది. చిగురు అంచుకి దూరంగా, పెదవి లోపలి వైపు మెత్తటి ఎర్రటి భాగంలో రెండు మూడు మిల్లీమీటర్ల రంధ్రం చేస్తారు. వంపు తిరిగిన ప్రత్యేకమైన పరికరాలు దాంట్లోంచి దూర్చి చిగురునీ, సందుల్లోని మొనల్నీ ఎముక మీద నుంచి వదులు చేస్తారు. వదులైన చిగురుని వేరు మీదికి జరిపి, అదే రంధ్రంలోంచి కొలాజెన్ అనే ప్రొటీన్‌తో చేసిన సన్నటి పేలికలు లోపలికి తోసి, సందు చిగురు కింద కూరుతారు. ఆ కూరినదే చిగురుని కొత్త చోట నిలబెడుతుంది. కుట్లు లేవంటే కారణం అదే. పాత పద్ధతిలోలా చిగురు కింద పెట్టడానికి అంగిలి నుంచి ముక్క తీయరు కాబట్టి రెండో గాయం ఉండదు. ఒకే వైపు నాలుగైదు పళ్లకి ఒకేసారి చేయొచ్చు.

ఇక ఎక్కడ చెడుతుంది. ఒకటి, చిగురుని చాలినంత వదులు చేయకపోవడం. జరిపిన చిగురు చెయ్యి తీసినా అక్కడే ఉండాలి. వెనక్కి లాగుతోందంటే ఇంకా బిగువుంది. ఆ బిగువుతో వదిలేస్తే వాపు తగ్గిన రెండు వారాల్లో వేరు మళ్లీ బయటపడుతుంది. రెండు, చేత్తో తడిమి చేసే పని కాబట్టి పల్చటి చిగురు లోపల్నుంచి చిరుగుతుంది. చిరిగితే కుట్టక తప్పదు. మూడు, కింది ముందు పళ్లు. అక్కడ పెదవికీ చిగురుకీ మధ్య లోతు తక్కువ, పెదవిని పట్టి ఉంచే నరంలాంటి మడత అంచు దాకా వచ్చి ఉంటుంది, మాట్లాడిన ప్రతిసారీ లాగుతుంది. ఆ చోట పిన్‌హోల్ అంటే ఆలోచించుకోవాలి.

కొలాజెన్ కొన్ని నెలల్లో కరిగిపోతుంది. అది వేరుని కప్పడానికి సాయపడుతుంది గానీ, అంగిలి ముక్క ఇచ్చినంత మందం ఇవ్వదు.

మూసీ_ఇవతల:
అయితే అంగిలి నుంచి తీసేదే ఇప్పటికీ నంబర్ వన్నా? నొప్పంతా దానిదే కదా అన్నా.

కుట్టుదారం:
అవును, నంబర్ వన్ అదే. అంగిలి పైపొర కింది గట్టి కణజాలాన్ని తీసి పెట్టే పద్ధతిని 1985లో బర్టన్ లాంగర్, లారీన్ లాంగర్ వివరించారు. ఇవాళ్టికీ కొత్త పద్ధతుల్ని పోల్చి చూసేది దాంతోనే. మారిందల్లా తీసే తీరు. పాతరోజుల్లో అంగిలి మీద కిటికీ తలుపులా మూడు వైపులా కోసేవారు. ఇప్పుడు పళ్లకి సమాంతరంగా ఒక్క గీత కోసి, దాంట్లోంచే లోపలి పొరని ఒకటి ఒకటిన్నర మిల్లీమీటర్ల మందంతో తీసి, పైపొరని మూసి కుడతారు. పైపొర ఉంది కాబట్టి పచ్చిగాయం ఉండదు. ముక్క తీసేది కోరపన్ను వెనక నుంచి మొదటి దవడ పన్ను దాకా. ఇంకా వెనక్కి వెళ్తే అంగిలిలోని పెద్ద రక్తనాళం దగ్గరవుతుంది.

అంగిలి పల్చగా ఉన్నవాళ్లలో పైపొరకి రక్తం అందక అది తెల్లబడి ఊడిపోతుంది. నొప్పంటే అసలు నొప్పి అప్పుడే. అలాంటివాళ్లకి ముందే కొలత తీసుకుని అంగిలిని కప్పే పల్చటి ప్లాస్టిక్ ప్లేటు చేయించి పెట్టుకుంటే గాయానికి నాలుక, అన్నం తగలవు. ప్లేటు ఖర్చు పెద్దదేం కాదు. అడగరు, ఇవ్వరు.

వేరుపట్టు:
కుట్టుదారం గారు చెప్పిన దానికి టనెల్ కలపాలి. నా లెక్కలో ‘తక్కువ కోత’ అన్న మాటకి సరిగ్గా సరిపోయేది టనెలే, కాకపోతే బోర్డు మీద వేసుకోవడానికి పిన్‌హోల్ అంత జోరుగా ఉండదు. సందు చిగురుని కోయకుండా, పన్ను అంచు నుంచే సన్నటి కత్తితో లోపల సొరంగం చేస్తారు. అంగిలి ముక్కనో కొలాజెన్ షీటునో దారంతో కట్టి ఆ సొరంగంలోకి లాగుతారు. 6-0, 7-0 నంబర్ల దారాలతో కుడతారు. దాదాపు తల వెంట్రుకంత సన్నం కాబట్టి మచ్చ కనిపించదు. భూతద్దం లేకుండా, కంటితో చూసి చేసే పని కాదు.

జాదే 2011లో రాసిన విస్టా అనే పద్ధతి కూడా ఈ కుటుంబమే. పై ముందు పళ్లకయితే మధ్య మడత దగ్గర ఒక్క నిలువు గీత కోసి అక్కణ్నుంచి సొరంగం చేస్తారు. దాంట్లో ఒక కిటుకు నాకు బాగా నచ్చుతుంది: చిగురుని పట్టిన కుట్టుని పన్ను ముఖం మీద చిన్న కాంపోజిట్ (పంటిరంగు ఫిల్లింగ్) చుక్కతో అతికిస్తారు. మాట్లాడినా, తిన్నా చిగురు వెనక్కి జారదు. ఆ చుక్క ముందే ఊడిపోతే మాత్రం అదే రోజు ఫోన్ చేసి వెళ్లాలి, వారం ఆగి కాదు.

నాచారం_నేపథ్యం:
పీఆర్‌ఎఫ్? మా ఏరియాలో ప్రతి క్లినిక్‌లో ఒక సెంట్రిఫ్యూజ్ ఉంది.

వేరుపట్టు:
మెషీన్ ఉండటం వేరు, పొర సరిగ్గా రావడం వేరు. 2001లో ఫ్రాన్స్‌కి చెందిన షుక్రూన్ మొదలుపెట్టిన పద్ధతి. చేతి నుంచి పది మిల్లీలీటర్ల ట్యూబుల్లో రక్తం తీస్తారు. ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు ఏదీ ఉండకూడదు. వెంటనే, అంటే ఒకటి రెండు నిమిషాల్లోపే మెషీన్‌లో పెట్టాలి. అసలు పద్ధతుల్లో వాడేది నిమిషానికి సుమారు 2700 చుట్ల వేగంతో 12 నిమిషాలు, లేదా 3000 చుట్ల వేగంతో 10 నిమిషాలు. కింద ఎర్రటిది, పైన నీళ్లలాంటిది, మధ్యలో పసుపుపచ్చ జెల్లీ. ఆ జెల్లీని ఎర్రటి భాగం కొంచెం అంటుకునేలా కత్తిరించి, బరువు కింద నొక్కి పొర చేస్తారు.

ఆలస్యమైతే రక్తం తనంతట తానే గడ్డకట్టి, పొర చేతికి రాకుండా ముక్కలవుతుంది. సిస్టరు ఒక్కరే నాలుగు ట్యూబులు నింపుతూ కూర్చుంటే మొదటి ట్యూబు అప్పటికే పాడు. పొర ఒక్కటి చాలదు, మడిచో దొంతరగానో పెట్టాలి. గాయం త్వరగా మానడానికి, నొప్పి తగ్గడానికి పీఆర్‌ఎఫ్ బాగుంటుంది. మందం మాత్రం అంగిలి ముక్క అంత రాదు. నేనైతే అంగిలి గాయం మీద కూడా ఒక పొర వేయమంటాను, డబ్బుకి న్యాయం అక్కడ ఎక్కువ.

ఇంజెక్షన్‌గా ఇచ్చే ద్రవ పీఆర్‌ఎఫ్ గురించి కూడా అడుగుతారు. పల్చటి చిగురుని సూదులతో పొడిచి దాన్ని ఎక్కిస్తే మందం కొద్దిగా పెరగొచ్చు. బయటపడ్డ వేరుని అది కప్పదు.

లష్కర్_లైన్:
లేజర్ సంగతి ఎవరూ ఎత్తరేం?

కుట్టుదారం:
ఎత్తడానికి పెద్దగా ఏమీ లేదు. లేజర్‌తో చిగురు పెరగదు. డయోడ్ లేజర్‌తో చిగురు కింద ఇన్ఫెక్షన్ ఉన్న సంచి శుభ్రం చేయొచ్చు, లాగుతున్న మడతని రక్తం లేకుండా కోయొచ్చు. లానాప్ అనేది 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్‌తో ఎముక కరిగే చిగుళ్ల జబ్బుకి చేసే వైద్యం, వేరు కప్పే వైద్యం కాదు. మీకు చూపించినది ఏ లేజరో, ఎందుకు వాడతారో రాసిమ్మనండి. చాలాసార్లు సంభాషణ అక్కడే ఆగిపోతుంది.

బీబీనగర్_బడి:
క్లీనింగ్ చేయించాకే చిగుళ్లు తగ్గాయని మా వైపు అందరూ అంటారు. నిజమేనా?

ఉప్పుగల్లు:
గార పేరుకుంటే చిగురు వాచి ఉంటుంది. గార తీయగానే వాపు దిగుతుంది, గార మింగేసిన వేరు అప్పుడు కంటికి కనిపిస్తుంది. క్లీనింగ్ తగ్గించలేదు, ముందే తగ్గినదాన్ని చూపించింది. కారణాలు వేరే ఉంటాయి: గట్టి బ్రష్‌ని రంపంలా అడ్డంగా లాగడం, కచ్చిక, బొగ్గుపొడి, వేపపుల్లతో ఒకే చోట రుద్దడం, ఖైనీ గుట్కా బుగ్గలో పెట్టుకునే చోటు.

కనిపించని కారణం ఇంకొకటి. క్లిప్పులు తీశాక కింది పళ్ల వెనక అతికించే తీగ. అది మెలిపడి పన్ను వేరుని నెమ్మదిగా ఎముక బయటికి తోస్తుంది. ఒక్క పన్నుకే చిగురు బాగా తగ్గి, ఆ పన్ను వేరు పెదవి వైపు ఉబ్బినట్టు తగిలితే ముందు ఆ తీగ చూడాలి. వేరుని లోపలికి తేకుండా చిగురు అతికిస్తే డబ్బు దండగ.

ఆలుగడ్డబావి:
పన్ను మొదట్లో గాడి పడి ఉంటే? సిమెంటు పెట్టించాలా, చిగురు కప్పించాలా?

వేరుపట్టు:
రెండూ కావాల్సి రావొచ్చు, వరస ముఖ్యం. గాడి పడ్డ పంటికి ఎనామెల్, వేరు కలిసే గీత చెరిగిపోతుంది. చిగురు ఎక్కడిదాకా వస్తుందో ముందు పక్కపళ్లని బట్టి అంచనా వేసి, ఆ గీతకి పన్ను కొన వైపున్న భాగానికే కాంపోజిట్ పెట్టి నున్నగా పాలిష్ చేయాలి. వేరు వైపు భాగాన్ని చిగురుతో కప్పాలి. గాడి మొత్తం సిమెంటుతో నింపేసి తర్వాత చిగురు కప్పమంటే, నింపిన సిమెంటు గరుకు అంచు మీద పాచి పట్టి కొత్త చిగురు నిలవదు.

మూసీ_ఇవతల:
కొలాజెన్ దేంతో చేస్తారు? శాకాహారులు, మా ముస్లిం దోస్తులు అడుగుతున్నారు.

కుట్టుదారం:
అడగాల్సిన ప్రశ్న. గైస్ట్‌లిక్ కంపెనీ వాళ్ల మ్యూకోగ్రాఫ్ట్ అనే కొలాజెన్ షీటు పందిది, వేరు మీద పూసే ఎమ్‌డోగెయిన్ జెల్ పంది పిల్లల పళ్ల మొలకల నుంచి తీసినది, అంగిలి ముక్కకి బదులు పెట్టే ఆల్లోడెర్మ్ దానం చేసిన మనిషి చర్మం. ఆవుది, చేపది కూడా దొరుకుతాయి. ఏ జంతువుదీ వద్దనుకుంటే సొంత అంగిలి లేదా పీఆర్‌ఎఫ్. ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. సంతకం పెట్టే కాగితంలో ఆ పేరు, లాట్ నంబరు రాయమనండి.

ఉప్పుగల్లు:
చేయించాక ఇంట్లో పాటించేవి, ఎందుకంటే చాలా కేసులు చెడేది ఇక్కడే.

మొదటి రోజు బయట నుంచి ఐస్, పది నిమిషాలు పెట్టి పది నిమిషాలు తీయాలి. పెదవి ఎత్తి అద్దంలో చూసుకోవద్దు, ఫోటో తీసి ఎవరికీ పంపొద్దు. ఆ లాగుడుకే కొత్త చిగురు జారుతుంది. స్ట్రా వద్దు, ఉమ్మి గట్టిగా ఊయొద్దు. చేసిన చోట బ్రష్ కనీసం రెండు మూడు వారాలు తగలకూడదు, పిన్‌హోల్‌కి ఇంకా ఎక్కువ రోజులు చెబుతారు. బదులుగా 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ పది మిల్లీలీటర్లు రెండుపూటలా ఒక నిమిషం పుక్కిలించాలి. పేస్టుతో తోముకున్న వెంటనే పుక్కిలిస్తే పేస్టులోని నురగ మందు దాని పనిని దెబ్బతీస్తుంది, అరగంట ఎడం ఇవ్వాలి. ఈ మందు వాడినన్నాళ్లు ఇరానీ చాయ్ తగ్గించుకోండి, గోధుమరంగు మరకలు ఎక్కువ పడేది ఆ కలయికకే. మరకలు క్లీనింగ్‌తో పోతాయి, భయం లేదు.

తినేవి పెరుగన్నం, చల్లారిన ఇడ్లీ, రాగి జావ. సకినాలు, మిర్చి బజ్జీ, వేయించిన పల్లీలు కుట్లు తీసేదాకా మర్చిపోండి. కుట్లు పది నుంచి పద్నాలుగు రోజులకి తీస్తారు. సిగరెట్ తాగేవాళ్లకి రక్తం సరిగ్గా అందదు, ముందూ తర్వాతా మానలేనంటే డాక్టరే వద్దనాలి. షుగర్ ఉన్నవాళ్లు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 7 దగ్గరికి తెచ్చుకుని వెళ్లాలి. రక్తం పల్చబడే మాత్రలు సొంతంగా ఆపొద్దు, గుండె డాక్టరు మాట ప్రకారమే.

మూడో రోజు చిగురు తెల్లగా కనిపిస్తే గాబరా వద్దు. నల్లగా మారి వాసన వస్తే, గట్టిగా నొక్కినా రక్తం ఆగకపోతే, జ్వరం వస్తే వెళ్లాలి. ఫలితం చూసేది ఆరు నెలలకి. ఏడాది దాకా చిగురు ఇంకో అర మిల్లీమీటరు పాకి వేరుని కప్పడం కూడా ఉంటుంది.

అడ్డగుట్ట_చౌరస్తా:
హైదరాబాద్‌లో తక్కువ ఖర్చులో ఎక్కడ చూపించుకోవాలి?

వేరుపట్టు:
అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి పక్కన ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, ఎంజీబీఎస్ మెట్రోలో దిగితే దగ్గర. దిల్‌సుఖ్‌నగర్ కమలానగర్‌లో పాణినీయ డెంటల్ కాలేజీ. రెండుచోట్లా పెరియో (చిగుళ్ల) విభాగం వేరే ఉంటుంది, ఓపీ చీటీ ఆ విభాగానికి రాయించుకోండి. పీజీ డాక్టర్లు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, తొందర పడరు, కొలతలన్నీ రాస్తారు. తొందరగా అయిపోవాలంటే మాత్రం అది చోటు కాదు, రెండు మూడు సార్లు తిరగాల్సి వస్తుంది.

ప్రైవేటులో అయితే ఎండీఎస్ పెరియోడాంటిక్స్ చదివారో లేదో అడగండి. రేటు పంటికా, ఒక వైపుకా, కొలాజెన్ ధర అందులో ఉందా విడిగానా, రెండోసారి చేయాల్సి వస్తే ఎంత అన్నది ముందే తేల్చుకోండి.

మూసీ_ఇవతల:
కింది ముందు పళ్లకి ఏం చేయాలో చెప్పకుండా వదిలేశారు, పిన్‌హోల్ వద్దన్నారంతే.

కుట్టుదారం:
నిజమే. అక్కడ గట్టి చిగురు దాదాపు లేకుండా పోయి, మడత లాగుతుంటే అంగిలి నుంచి పైపొరతో సహా తీసి అతికించే పాత ఫ్రీ గ్రాఫ్టే నమ్మకమైనది. రంగు చుట్టూ ఉన్న చిగురుతో కలవదు, అతుకు తెల్లగా కనిపిస్తుంది. మాట్లాడేటప్పుడు కింది పెదవి దాన్ని దాచేస్తుంది కాబట్టి చాలామందికి పట్టింపు ఉండదు. గట్టి చిగురు రెండు మిల్లీమీటర్లయినా మిగిలి ఉంటే టనెల్‌లో అంగిలి ముక్క పెట్టి ప్రయత్నించొచ్చు, మడతని అదే రోజు విడదీయాలి.