బోరు నీళ్లకు సాఫ్ట్‌నర్: గోడలకు గాళ్లు కొట్టకముందే ఏం చూసుకోవాలి?

ప్రశ్న (తిరుపతి, ఎం.ఆర్.పల్లి):
అందరికీ నమస్కారం. మిద్దె ఇల్లు కడుతున్నాం, పైన ఒక అంతస్తు. గోడలు లేచాయి, వచ్చే వారం ప్లంబర్ పని మొదలుపెడతాడు. బోరు నీళ్లు టెస్ట్ చేయిస్తే హార్డ్‌నెస్ (కాల్షియం, మెగ్నీషియం వల్ల వచ్చే గట్టితనం) లీటరుకు 620 మిల్లీగ్రాములు వచ్చింది. దాన్ని తగ్గించే సాఫ్ట్‌నర్ మెషిన్ ఇప్పుడే కొనలేం, గృహప్రవేశం అయ్యాక చూద్దామని ఉంది. ట్యాంకు కింద మెయిన్ పైపు దగ్గర కొంచెం చోటు వదిలితే చాలు, తర్వాత బిగించుకోవచ్చని ప్లంబర్ అంటున్నాడు. నిజమేనా అన్నా? ఇంట్లో ఐదుగురం.

జవాబు:
చాలదు తమ్ముడూ. మెషిన్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, కానీ సాఫ్ట్ నీళ్ల లైను, మామూలు బోరు నీళ్ల లైను ఇప్పుడే గోడలో విడిగా పడకపోతే తర్వాత టైల్స్ పగలగొట్టాల్సి వస్తుంది. తాగే నీళ్లకు ఐఎస్ 10500 అనే భారత ప్రమాణం హార్డ్‌నెస్ 200 దాకా మంచిదంటుంది, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటుంది. మీవి అదీ దాటాయి కాబట్టి ఈ ఖర్చు పెట్టాల్సిందే.

షవర్లు, గీజర్, సోలార్ హీటర్, వాషింగ్ మెషిన్, గిన్నెలు కడిగే సింకు, వీటికి సాఫ్ట్ లైను. ఫ్లష్ ట్యాంకులు, వాకిట్లో కుళాయి, మొక్కలు, బండి కడగడం, వీటికి బోరు లైను. సాఫ్ట్‌నర్‌లోని రెసిన్ (సన్నని పూసల్లాంటి పదార్థం) కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని బదులుగా సోడియం వదుల్తుంది, ఆ నీళ్లు రోజూ పోస్తే మొక్కల కింద మట్టి పాడవుతుంది. రెసిన్ నిండిపోయాక ఉప్పునీళ్లతో కడిగితేనే మళ్లీ పనిచేస్తుంది, కాబట్టి ఫ్లష్‌కు వాడితే ఉప్పు, రెసిన్ రెండూ దండగ. అందుకే మిద్దె మీద రెండు ట్యాంకులు పెట్టండి, ఒకటి సాఫ్ట్ నీళ్లకు, ఒకటి బోరు నీళ్లకు. చిన్నవైనా పర్వాలేదు. మెషిన్ వచ్చేదాకా రెండింట్లోనూ బోరు నీళ్లే నింపుకోండి.

ఇంకొకటి, మున్సిపాలిటీ కుళాయిలో వచ్చే కల్యాణి డ్యాం నీళ్లనో తెలుగుగంగ నీళ్లనో బోరు నీళ్ల సంపులో కలపొద్దు, చాలామంది అదే చేస్తారు. వాటికి విడిగా చిన్న సంపు కట్టించి వంటింటికి ఒక లైను లాగండి. సాఫ్ట్‌నర్ టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) తగ్గించదు, కాబట్టి ఆ మెషిన్ పెట్టాం కదా అని బోరు నీళ్లు తాగడానికి పనికొస్తాయనుకోకండి.

ప్రశ్న అడిగినవారు:
రెండు ట్యాంకుల సంగతి అర్థమైంది అన్నా. మరి మెషిన్ ట్యాంకు కింద పెట్టకూడదా?

జవాబు:
అక్కడ ప్రెషర్ రాదు. నీటి మట్టం పది మీటర్ల ఎత్తులో ఉంటేనే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ప్రెషర్ వస్తుంది, ట్యాంకు పక్కనే పెడితే మీటరో మీటరున్నరో ఎత్తు, అంటే 0.15 కిలో కూడా కష్టం. రెసిన్‌ను వెనక్కి కడగడానికి అది చాలదు. సంపు నుంచి మిద్దె మీదికి నీళ్లెక్కించే మోటారు లైనులో, కింద నీడపట్టున పెట్టండి. మోటారు గంటకు ఎన్ని లీటర్లు తోస్తుందో తెలుసుకోవాలంటే, మిద్దె మీద పైపు కింద 20 లీటర్ల బకెట్ పెట్టి టైము చూడండి. 20 సెకన్లలో నిండితే గంటకు 3,600 లీటర్లు. మీరు కొనబోయే మెషిన్ అంత తట్టుకుంటుందో లేదో షాపులో అడగండి. ముందూ వెనకా యూనియన్లు (విప్పుకోగలిగే జాయింట్లు), మూడు వాల్వులతో బైపాస్ (మెషిన్‌ను తప్పించి నీళ్లు పంపే దారి), రెండు ప్రెషర్ గేజ్‌లు, మెషిన్ ముందు ఒక సెడిమెంట్ ఫిల్టర్ తప్పనిసరి. నీళ్లు కాసేపు నిలిస్తే ఎర్రబడుతున్నాయంటే ఇనుము ఉన్నట్టే, దానికి ముందే వేరే ఫిల్టర్ కావాలి, లేకపోతే రెసిన్ తొందరగా పోతుంది.

ఇంకో జవాబు (చిత్తూరు నుంచి):
అన్న చెప్పింది సరే, ఒక మాట కలుపుతా. మోటారు లైనులో పెడితే ఆటోమేటిక్ వాల్వు కొనేముందు ఆలోచించండి, అది అర్ధరాత్రి కడగడం మొదలుపెడుతుంది, ఆ టైములో మోటారు ఆగి ఉంటే నీళ్లెక్కడివి? చేత్తో తిప్పే మల్టీపోర్ట్ వాల్వు నయం. లెక్క చూసుకుంటే, ఐదుగురికి రోజుకు 500 లీటర్ల సాఫ్ట్ నీళ్లు, హార్డ్‌నెస్ 620, అంటే రోజుకు 310 గ్రాములు తీయాలి. లీటరు రెసిన్ సుమారు 50 గ్రాములు పట్టుకుంటుంది, 25 లీటర్ల రెసిన్ అయితే నాలుగు రోజులొస్తుంది, ప్రతిసారీ నాలుగు కిలోల దాకా కల్లుప్పు. ఉప్పు మూటలు పెట్టుకోవడానికి పక్కనే తడి తగలని చోటు వదలండి.

ప్రశ్న అడిగినవారు:
ఆ ఉప్పునీళ్లు ఎక్కడికి పంపాలి? బోరు పక్కన ఇంకుడు గుంత తవ్వించాం.

చిత్తూరు నుంచి:
ఇంకుడు గుంతలోకి అస్సలు వద్దండీ, ఆ ఉప్పు నేరుగా మీ బోరులోకే దిగుతుంది. వాననీళ్ల లైనులో కూడా కలపొద్దు. విడిగా పైపు వేసి వీధి డ్రైనేజీ ఛాంబర్‌కు వదలండి. మెషిన్ నుంచి వచ్చే పైపు ట్రాప్‌లో (డ్రెయిన్ దగ్గర నీళ్లు నిలిచే వంపు) మునగకుండా పైన నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి, లేకపోతే మురికి వెనక్కి లాగే ప్రమాదముంది. ప్లంబర్‌తో ఈ డ్రెయిన్ పాయింటు ముందే గుర్తు పెట్టించండి, ఫ్లోరింగ్ పడ్డాక అది చేయడమే అన్నిటికంటే కష్టం.